పికప్ ఆటోమేటిక్ గేరుబాక్సులో ఏం మార్చాను, ఎందుకు మార్చాను

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో లారీ గేరుబాక్సు దించి, పళ్లు అరిగిన గేర్లు మార్చి, సాయంత్రానికల్లా బండిని రోడ్డెక్కించగల మేస్త్రీలకు ఎన్నడూ కొదవ లేదు. టార్క్ కన్వర్టర్‌తో నడిచే ఆటోమేటిక్ గేరుబాక్సును విప్పి బలపరచడం మాత్రం వేరే విద్య. ఇటీవలి లారీల్లోనూ చిన్న కార్లలోనూ వస్తున్న ఏఎంటీకి (ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్‌కు) దీనితో పోలిక లేదు. అది మామూలు గేరుబాక్సే, క్లచ్ నొక్కే పనీ గేరు మార్చే పనీ మనిషికి బదులు మోటార్లు చేస్తాయి. నా డీజిల్ పికప్‌లో ఉన్నది టార్క్ కన్వర్టర్‌తో కూడిన ఆరు గేర్ల పెట్టె. దానిని వేసవికి ముందు దింపించి, కొన్ని భాగాలను అంతకన్నా గట్టివాటితో మార్పించాను. ఏ భాగాన్ని ఏ కారణంతో ఎంచుకున్నానో, దేనిని వద్దనుకున్నానో వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఈ సంగతులు తెలుగులో ఒకచోట దొరకక నేను చాలా వెతుక్కోవలసి వచ్చింది.

నా బండి పని బందరు వైపు రొయ్యల చెరువుల దగ్గర. ఏరేటర్లు, మోటార్లు వెనుక తొట్టిలో వేసుకుని, అవసరమైనప్పుడు జనరేటర్ ట్రాలీని తగిలించుకుని వెళ్లాలి. బెంజి సర్కిల్ నుంచి కానూరు, పోరంకి, పెనమలూరు మీదుగా కంకిపాడు దాటేదాకా ఆగుతూ కదులుతూ సాగాలి. ఉయ్యూరు తరువాత జాతీయ రహదారి 65 మీద బండి హాయిగా పరుగెడుతుంది. చివర చెరువు గట్ల మీద, బురదలో, నడకకన్నా నెమ్మదిగా పాకాలి. గేరుబాక్సుకు ఈ మూడింటిలో రహదారి పరుగే అన్నిటికన్నా సుఖమైనది. స్కానర్‌ను ఓబీడీ సాకెట్‌కు, అంటే బండి కంప్యూటర్ అంకెలు చదివే సాకెట్‌కు, తగిలించి గేరుబాక్సు ఆయిల్ ఉష్ణోగ్రత చూస్తూ నడిపితే, రహదారి మీద 90 డిగ్రీల దరిదాపుల్లో నిలకడగా ఉన్న అంకె, ట్రాలీతో గట్టు ఎక్కినప్పుడు 120 దాటింది. భాగాల గురించి నేను తీసుకున్న నిర్ణయాలన్నిటికీ ఈ అంకెలే ఆధారం.

ఆ వేడి ఎక్కడిదో తెలియకుండా ఏ భాగం కొన్నా డబ్బు వృథా. టార్క్ కన్వర్టర్‌లో ఇంజనుకు బిగించిన ఇంపెల్లర్ ఆయిల్‌ను విసురుతుంది, ఆ తాకిడికి గేరుబాక్సు షాఫ్టు మీదున్న టర్బైన్ తిరుగుతుంది, మధ్యలోని స్టేటర్ తిరిగివచ్చే ఆయిల్ దిశను మార్చి, బండి కదిలే క్షణంలో టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని, సుమారు రెండింతల వరకు పెంచుతుంది. ఇంపెల్లర్ వేగానికీ టర్బైన్ వేగానికీ ఉన్న తేడాయే జారుడు. ఆ జారుడులో పోయిన శక్తి మొత్తం ఆయిల్‌లో వేడిగా మిగులుతుంది. వేగం అందుకున్నాక లాకప్ క్లచ్ ఈ రెండింటినీ కలిపి పట్టుకుంటుంది కనుక జారుడు ఆగిపోతుంది. ట్రాఫిక్‌లోనూ బురదలోనూ లాకప్ పడదు, అందుకే అక్కడ వేడి. ఆయిల్ 80 డిగ్రీలు దాటిన తరువాత సుమారు ప్రతి 11 డిగ్రీల పెరుగుదలకూ దాని ఆయుష్షు సగమవుతుందని గేరుబాక్సుల పనివారు చెప్పే లెక్క ఒకటి ఉంది. అది ప్రయోగశాల సూత్రమంత కచ్చితం కాకపోయినా, 90కీ 120కీ మధ్య తేడా ఎంత పెద్దదో ఊహించడానికి సరిపోతుంది.

డీజిల్ ఇంజను విషయంలో మరో కష్టం ఉంది. తక్కువ తిరుగుళ్లలోనే అది భారీ టార్క్ ఇస్తుంది. మన దేశంలో అమ్ముతున్న టయోటా హైలక్స్ 2.8 లీటర్ల ఇంజను ఆటోమేటిక్ బండిలో 500 న్యూటన్ మీటర్లు ఇస్తుంది, చేతి గేర్ల బండిలో అదే ఇంజను 420 దగ్గర ఆగుతుంది. మన రాష్ట్రంలోనే శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్‌లోని 1.9 లీటర్ల ఇంజను 2,000 నుంచి 2,500 తిరుగుళ్ల మధ్యనే 360 న్యూటన్ మీటర్లు అందిస్తుంది. గేరుబాక్సులో ఆయిల్ ఒత్తిడి పుట్టించే పంపు ఇంకా నెమ్మదిగా తిరుగుతున్న ఆ దశలోనే లాకప్ క్లచ్చూ గేర్లను పట్టే లోపలి క్లచ్ ప్లేట్లూ ఇంత బరువును జారకుండా పట్టాలి. ఇంజనుకు రీమ్యాప్ చేయించి, అంటే దాని కంప్యూటర్ ప్రోగ్రాము మార్పించి, ఆ బరువును ఇంకా పెంచడం నాకు సమ్మతం కాదు. నేను ఇంజను జోలికి పోలేదు. పోయేవారికి, మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ బండి మార్పుల గురించి ఏమి చెబుతుందో ముందుగా చదవమని నా విన్నపం.

ఇంటర్నెట్‌లో డీజిల్ ట్రక్కు గేరుబాక్సు భాగాలని వెతికితే కనిపించేవన్నీ దాదాపు అమెరికా ట్రక్కులవి: జనరల్ మోటార్స్ ట్రక్కుల్లో వచ్చిన ఆలిసన్ 1000, రామ్ ట్రక్కుల్లో వచ్చిన 68ఆర్‌ఎఫ్‌ఈ. అవి మన పికప్‌లకు రెండు మూడు రెట్లు టార్క్ ఇచ్చే ఇంజన్ల కోసం చేసినవి, మన పెట్టెల్లో పట్టవు. మనం చూడవలసినది థాయిలాండ్, ఆస్ట్రేలియా వైపు. మన దగ్గర తిరిగే పికప్‌ల వంటివి అక్కడ వేలల్లో తిరుగుతున్నాయి, అక్కడివారు వాటికి బరువైన ట్రెయిలర్లు తగిలించి లాగుతారు కనుక కూలర్లు, కన్వర్టర్లు, వాల్వ్ బాడీ (ఆయిల్ ఒత్తిడిని ఏ క్లచ్‌కు పంపాలో మళ్లించే వాల్వుల దిమ్మ) మరమ్మతు సామాను దొరుకుతాయి. ఆర్డరు పెట్టే ముందు గేరుబాక్సు మీది ప్లేటులో ఉన్న మోడల్ నంబరును ఫొటో తీసి పంపాలి. బండి పేరు ఒకటే అయినా, తయారైన సంవత్సరాన్నిబట్టి లోపలి పెట్టె మారిపోతుంది.

అన్నిటికన్నా ముందు కొన్నది బయటి ఆయిల్ కూలర్. కంపెనీ బండ్లలో గేరుబాక్సు ఆయిల్ సాధారణంగా రేడియేటర్ నీటి వల్లనే చల్లబడుతుంది, ఆ నీరే 90 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు ఆయిల్ అంతకన్నా కిందికి దిగే దారి లేదు. నేను పలకల వరుసతో చేసిన కూలర్‌ను ఎంచుకుని, ఆయిల్ ముందు రేడియేటర్ గుండా వెళ్లి, తరువాత ఈ కూలర్ గుండా గేరుబాక్సుకు చేరేట్లు పైపులు వేయించాను. వరుస తిరగబడితే చల్లబడిన ఆయిల్ మళ్లీ వేడినీటి పక్కకు వెళుతుంది. చాలామంది దీన్ని ఏసీ కండెన్సర్‌కు సరిగ్గా ముందు బిగిస్తారు. విజయవాడ మే నెలలో ఏసీ గాలి చల్లదనాన్ని అది తగ్గిస్తుంది కనుక, నేను బంపర్ వెనుక పక్కకు జరిపించి, ఉష్ణోగ్రతనుబట్టి తిరిగే సొంత ఫ్యాను పెట్టించాను. గట్టు బురద రెక్కల మధ్య పట్టకుండా ముందు జాలీ వేయించాను. హోస్ పైపు ఆటోమేటిక్ గేరుబాక్సు ఆయిల్‌కు తగినదే కావాలి. నీళ్ల పైపు వేడి ఆయిల్‌కు మెత్తబడి, లాగే సమయంలోనే పగులుతుంది. రేడియేటర్ పాతదైతే దానినీ మార్చడం మంచిది. లోపలి గొట్టం చిల్లుపడి కూలెంట్ ఆయిల్‌లో కలిసిందంటే, క్లచ్‌లలో ఒరిపిడితో పట్టుకునే ఫ్రిక్షన్ ప్లేట్ల మీది పూత ఊడిపోతుంది.

గేరుబాక్సు అడుగున ఆయిల్ నిలిచే తొట్టి అయిన పాన్‌కు బదులు వేసే, రెక్కల అల్యూమినియం లోతు పాన్ వద్దనుకున్నాను. అది ఒకటి రెండు లీటర్లు ఎక్కువ ఆయిల్ పడుతుంది, వేడెక్కే సమయాన్ని కొంత వాయిదా వేస్తుంది, కానీ గంటసేపు లాగితే చివరికి చేరే ఉష్ణోగ్రత పెద్దగా మారదు. పైగా మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్లకూ గట్ల మీది రాళ్లకూ మొదట తగిలేది అదే.

కన్వర్టర్ మార్చాలన్న నిర్ణయం స్కానర్ వల్లనే కుదిరింది. లాకప్ పడిన తరువాత ఇంజను తిరుగుళ్లూ టర్బైన్ తిరుగుళ్లూ దాదాపు కలిసిపోవాలి. నా బండిలో ట్రాలీతో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు వాటి మధ్య తేడా మళ్లీ తెరుచుకునేది. పాన్ విప్పితే అయస్కాంతాల మీది ముద్ద నల్లగా, మామూలుకన్నా మందంగా ఉంది. "సార్, ఇది గేర్ల ఇనుము కాదు, క్లచ్ పొడి," అని మేస్త్రి గారు దానిని వేళ్ల మధ్య నలిపి చూపించారు. కంపెనీ కన్వర్టర్‌లో లాకప్‌కు ఒకే ప్లేటు. నేను తీసుకున్న దానిలో మూడు ఫ్రిక్షన్ ప్లేట్లు, వంగని మందపాటి ముందు మూత ఉన్నాయి. ఆ మూత సంగతి చాలామంది పట్టించుకోరు. ఒత్తిడికి పల్చటి మూత కొద్దిగా ఉబ్బితే ప్లేటు మొత్తం ముఖం ఆనదు, ఆనిన చోటే కాలిపోతుంది. స్టాల్ వేగం (బండిని కదలనివ్వకుండా యాక్సిలరేటర్ నొక్కితే ఇంజను చేరగల తిరుగుళ్లు) పెంచిన కన్వర్టర్లను మాత్రం డీజిల్ బండికి కొనకూడదు. తక్కువ తిరుగుళ్లలో బలమున్న ఇంజనుకు అవి అనవసరమైన జారుడును, అంటే అదే వేడిని, తిరిగి తెచ్చిపెడతాయి. నేను కంపెనీ స్టాల్ వేగాన్నే ఉంచమని అడిగాను.

గేరుబాక్సు ఎలాగూ దిగింది కనుక లోపలి క్లచ్ ప్యాకులు, అంటే గేర్లను పట్టి వదిలే ఫ్రిక్షన్, స్టీలు ప్లేట్ల దొంతరలు, కూడా మార్పించాను. ఇక్కడ లెక్క తేలిక. పిస్టన్ తోసే బలం, ప్లేటు సగటు వ్యాసార్ధం, ఘర్షణ గుణకం, ఆనే ముఖాల సంఖ్య, ఈ నాలుగింటినీ గుణిస్తే ఆ ప్యాకు పట్టగల టార్క్ వస్తుంది. నాలుగు ఫ్రిక్షన్ ప్లేట్లున్న ప్యాకులో అయిదోది ఇరికిస్తే, ఒత్తిడి పెంచకుండానే పట్టు 25 శాతం పెరుగుతుంది. అమ్మేవారు చెప్పేది ఇంతవరకే. ఆ అయిదో ప్లేటుకు చోటు కావాలంటే మధ్యలోని స్టీలు ప్లేట్లను పల్చన చేయాలి, గేరు పడే ఒక్క క్షణంలో పుట్టే వేడిని మొదట మింగేది ఆ స్టీలు మందమే. బరువు లాగే బండికి పల్చటి స్టీలు మంచిది కాదన్నది నా అభిప్రాయం. అందుకని ప్లేట్ల సంఖ్య మార్చకుండా, ఎక్కువ వేడికి తట్టుకునే ఫ్రిక్షన్ పూత ఉన్నవి, అసలు మందం స్టీళ్లతోనే వేయించాను.

వాల్వ్ బాడీలో పట్టించుకోవలసినది అరుగుదల. అల్యూమినియం రంధ్రంలో వాల్వు వేలసార్లు ముందుకూ వెనక్కూ కదిలి గోడను అరగదీస్తే ఒత్తిడి లీకవుతుంది. ఆ రంధ్రాన్ని రీమర్‌తో సరిచేసి కొంచెం పెద్ద వాల్వు వేయడమే సరైన మరమ్మతు. గట్టి స్ప్రింగులు పెట్టి లైను ఒత్తిడి పెంచే కిట్లు ఈ తరం గేరుబాక్సులకు నప్పవు. ఒత్తిడిని కంప్యూటర్ సోలినాయిడ్లతో, అంటే కరెంటుతో పనిచేసే వాల్వులతో, నిర్ణయిస్తుంది కనుక, స్ప్రింగు ఒకటి చెబితే కంప్యూటర్ మరొకటి చెబుతుంది, గేర్లు దడదడమని పడతాయి. టయోటా వంటి కొన్ని కంపెనీల పెట్టెల్లో వాల్వ్ బాడీ మార్చినప్పుడు దాని మీది కాంపెన్సేషన్ కోడ్‌ను, అంటే ఆ భాగం తీరును కంప్యూటర్‌కు తెలిపే అంకెలను, స్కానర్‌తో ఎక్కించాలి. ఆ సదుపాయం షాపులో ఉందో లేదో ముందే అడగండి.

బిగింపు పనిలో నేను మొండిగా పట్టుబట్టినది శుభ్రత. ఆటోనగర్ వీధుల్లో దుమ్మూ వెల్డింగు నిప్పురవ్వలూ ఎప్పుడూ ఉంటాయి, అందుకే తలుపులు మూసే గదిలో, తుడిచిన రేకు బల్ల మీదనే విప్పించాను. వేస్టు కాటన్ అసలు ముట్టనివ్వలేదు, దాని ఒక్క పోగు చాలు సోలినాయిడ్ జల్లెడ మూసుకుపోవడానికి. కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లను గంటసేపు ఆయిల్‌లో నానబెట్టాకే ప్యాకుల్లోకి ఎక్కించారు. ప్రతి ప్యాకు ఖాళీనీ ఫీలర్ గేజీతో కొలిచి, సరిపోనిచోట వేరే మందం సర్క్లిప్పు వేశారు. వాల్వ్ బాడీ బిగించే ముందు ప్రతి క్లచ్ రంధ్రంలోకీ తక్కువ ఒత్తిడి గాలి పంపి, పిస్టన్ కదిలిన చప్పుడు విన్నారు. పాత కన్వర్టర్ నుంచి వచ్చిన పొడి కూలర్ పైపుల్లో నిలిచి ఉంటుంది కనుక వాటిని పూర్తిగా కడిగించాను.

కన్వర్టర్‌ను ఎక్కించే ఘట్టంలో తొందర పనికిరాదు. ముందు దానిలో కొంత ఆయిల్ పోసి, షాఫ్టు మీద పెట్టి తిప్పుతూ తోస్తే, ఒక్కొక్క స్ప్లైనూ (షాఫ్టు మీది గాడుల వరుసా) చివరకు పంపు పళ్లూ అందుకున్నప్పుడు అది మెట్లుమెట్లుగా లోపలికి దిగుతుంది. ఆ చివరి మెట్టు దిగిందని తేల్చేది కొలతే: గేరుబాక్సు అంచు మీద స్కేలు పెట్టి, కన్వర్టర్‌కు బోల్టులు పట్టే చెవులు ఎంత లోపల ఉన్నాయో మాన్యువల్‌లోని అంకెతో పోల్చాలి. దిగకుండానే బోల్టులు బిగించి ఇంజనుకు లాగితే, స్టార్టు చేయకముందే పంపు పగులుతుంది.

ఆయిల్ విషయంలో డ్రమ్ములోంచి పోసే ఎర్ర ఆయిల్‌ను ఒప్పుకోకండి. తయారీదారు చెప్పిన ప్రమాణం, అది డెక్స్‌రాన్ 6 అయినా టయోటా డబ్ల్యూఎస్ అయినా, సీలు డబ్బాలో కొనాలి. ఘర్షణను నియంత్రించే మందులు ఒక్కో ఆయిల్‌లో ఒక్కోలా ఉంటాయి, తేడా వస్తే లాకప్ పడేటప్పుడు బండి వణుకుతుంది. డిప్‌స్టిక్ లేని గేరుబాక్సులో మట్టం చూడటానికి బండి సమతలం మీద, ఇంజను నడుస్తూ, అన్ని గేర్లూ ఒకసారి వేశాక, ఆయిల్ తయారీదారు చెప్పిన ఉష్ణోగ్రతలో, అంటే సాధారణంగా 40 డిగ్రీల చుట్టుపక్కల, ఉండాలి. అప్పుడు ఓవర్‌ఫ్లో ప్లగ్గు తీస్తే సన్నటి ధార కారి ఆగాలి. మన ఎండల్లో మధ్యాహ్నం ఆ ఉష్ణోగ్రతను దాటిపోవడం తేలిక, అందుకే ఈ పని తెల్లవారుజామునే చేయించాను.

తరువాత గేరుబాక్సు కంప్యూటర్ పాత ప్లేట్లకు తగ్గట్టు నేర్చుకున్న అలవాట్లను స్కానర్‌తో చెరిపేసి, ఖాళీ బండితో మెల్లగా తిరిగి కొత్తవి నేర్పించాము. మొదట రెండో గేరు కొంచెం కుదుపుతో పడింది, కొద్ది రోజుల్లో సర్దుకుంది. ఇప్పుడు ట్రాలీతో పోరంకి ట్రాఫిక్‌లో అంకె 95 దాటడం లేదు. గట్ల మీద ఫోర్ వీల్ డ్రైవులోని లో రేంజి (నెమ్మది నడకకు పనికొచ్చే గేరు) వేసి నడిపితే కన్వర్టర్ జారుడు తగ్గి, అక్కడా 105 లోపే నిలుస్తోంది. ఫ్లైఓవర్ మీద లాకప్ వదలడం లేదు. ఖర్చులో సింహభాగం కన్వర్టర్‌కూ దాని దిగుమతి సుంకానికీ పోయింది. కూలర్, ఆయిల్ కలిపినా అందులో చిన్న వంతే. ఆయిల్ వేడెక్కుతున్నా లాకప్ ఇంకా జారని బండి మీదైతే కూలర్, కొత్త ఆయిల్, ఫిల్టర్‌తో ఆగి, కొన్ని నెలలు అంకెలు చూడండి. నా బండికి వెయ్యి కిలోమీటర్ల తరువాత పాన్ మళ్లీ విప్పించి, ఫిల్టరును కోసి చూశాము. కొత్త ప్లేట్లు ఒకదానికొకటి ఒరుసుకుని వదిలే సన్నటి బూడిద రంగు పొడి తప్ప మెరుపు తునకలేవీ లేవు, అందుచేత అదే ప్రమాణం ఆయిల్ కొత్తది పోసి మూసేశాము.