షూరిటీ సంతకం

మామయ్య ఎప్పుడు ఫోన్ చేసినా రాత్రి డ్యూటీ దిగాకే. 2021 డిసెంబరులో ఓ రోజు మాత్రం మధ్యాహ్నం రెండింటికి చేశాడు. వెనక బస్‌స్టాండు మైకు వినిపిస్తోంది.

"ఏరా, బ్యాంకోళ్ల దగ్గర్నుంచి నా పేరు మీద ఓ కాయితం వచ్చింది. నీ చదువు లోను గురించి. రెండు కిస్తీలు కట్టలేదని రాశారు. నువ్వు కడుతున్నావు కదా?"

"అదేదో సిస్టమ్ ప్రాబ్లమ్ మామయ్యా, నేను మాట్లాడతాలే" అన్నాను.

పెట్టేశాడు. అయిదు నిమిషాల్లో మళ్లీ చేశాడు. "మీ అత్తయ్యకి చూపించలేదురా. చొక్కా జేబులోనే పెట్టుకున్నాను" అన్నాడు. ఏడుపొచ్చింది ఆ మాటకే. నోటీసు అప్పటిదాకా నాకూ వచ్చే ఉంటుంది, హాస్టల్లో పేరుకున్న ఉత్తరాల్లో ఎక్కడో. నేను కవర్లు విప్పడం మానేసి అప్పటికి మూడు నెలలైంది.

మాది పాలకొల్లు. నాన్నది జెరాక్స్ షాపు. 2018లో హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో ఎంబీఏ సీటు వచ్చింది. ఫీజు 7 లక్షలు, మొత్తం లోనే. 4 లక్షల లోపైతే ఎవరి హామీ అక్కర్లేదు, ఏడున్నర దాటితే ఆస్తి తాకట్టు పెట్టాలి, మధ్యలో అయితే మూడో మనిషి షూరిటీ ఉండాలి అన్నారు బ్యాంకులో. మాకున్న ఇంట్లో ముగ్గురు అన్నదమ్ముల వాటాలున్నాయి, తాకట్టు మాటే లేదు. నరసాపురం డిపోలో కండక్టరుగా చేస్తున్న మామయ్య జీతం స్లిప్పులు పట్టుకొని వచ్చాడు. "ఎక్కడరా పెట్టాలి" అంటూ వేలు చూపించిన చోటల్లా సంతకం పెట్టి, డ్యూటీకి టైమైందని వెళ్లిపోయాడు. ఒక్క పేజీ చదవలేదు. నిజానికి నేనూ చదవలేదు.

చదివుంటే తెలిసేది. "కోర్సు అయ్యాక ఏడాది దాకా కట్టక్కర్లేదు" అని మేనేజరు అంటే, వడ్డీ కూడా ఉండదని నేను అర్థం చేసుకున్నాను. కట్టక్కర్లేదు అంతే, వడ్డీ మాత్రం మొదటి విడత కాలేజీకి వెళ్లిన రోజు నుంచే నడుస్తుంది. మొదటి సెమిస్టరుకు ఇచ్చింది లక్షా 75 వేలు, పది శాతం మీద నెలకు వడ్డీ దాదాపు పదిహేను వందలు. అప్పట్లో నా బిర్యానీల ఖర్చే అంతకన్నా ఎక్కువ. చదువుకునేటప్పుడే ఆ వడ్డీ నెలనెలా కట్టేస్తే చాలా బ్యాంకులు రేటులో ఒక శాతం తగ్గిస్తాయని కూడా తర్వాతే తెలిసింది. 2021 జూలైలో కిస్తీలు మొదలయ్యేసరికి 7 లక్షలు కాస్తా 8 లక్షల 58 వేలయి కూర్చుంది. ఏడేళ్ల గడువు, నెలకు 14,250.

క్యాంపస్‌లో వచ్చిన ఉద్యోగం 2020 లాక్‌డౌన్‌లో పోయింది. చేరకముందే ఆఫరు వెనక్కి తీసుకున్నారు. 2021 జనవరిలో సేల్స్‌లో ఇంకోటి దొరికింది, చేతికి 21,000. ఎస్ఆర్ నగర్ హాస్టలుకు 6,500 పోగా, కిస్తీ పోగా, నెలకు మిగిలేది 250 రూపాయలు. తప్పు చదవలేదు మీరు. మొదటి మూడు కిస్తీలకు నాన్న నాలుగేసి వేలు సర్దాడు. స్కూళ్లు మూతపడిన దెబ్బ నుంచి షాపు ఇంకా తేరుకోలేదు, అక్టోబరులో ఇక నావల్ల కాదురా అన్నాడు.

సరిగ్గా అప్పుడే నాకు పాజిటివ్ థింకింగ్ పట్టుకుంది. మా రూమ్మేటు పొద్దున లేవగానే ఆ వీడియోలు పెట్టేవాడు. ఏది గట్టిగా అనుకుంటే అది జరుగుతుందంట. గోడకు తెల్లకాగితం అంటించి పచ్చ స్కెచ్ పెన్నుతో "2022 మార్చికి నా అప్పు తీరిపోయింది" అని రాశాను. తీరుతుంది అనకూడదు, తీరిపోయింది అనే రాయాలి, అదొక రూలు. రోజూ 21 సార్లు చదివేవాణ్ని. వాడి చాదస్తం వాడిది, నవ్వడానికేం లేదు, కొన్ని ఉదయాలు నన్ను మంచం మీంచి లేపింది ఆ కాగితమే. కాకపోతే ఆ నమ్మకం సాకుతోనే బ్యాంకు మెసేజ్‌లను "నెగెటివ్ ఎనర్జీ" అని పేరుపెట్టి మ్యూట్ చేశాను. అక్టోబరు కిస్తీ బౌన్స్ అయింది. నవంబరుదీ అంతే. రెండుసార్లూ బౌన్స్ ఛార్జీలు పడ్డాయి. గోడమీద మాత్రం అప్పు తీరిపోయే ఉంది.

ఆ నెలల్లో ఒంటరిగా అయిపోయానని అప్పుడు తెలియలేదు. ఒక్కొక్కటే జరిగింది. కాలేజీ ఫ్రెండ్ పెళ్లి తాడేపల్లిగూడెంలో. ప్రయాణం, చదివింపు కలిపి రెండు వేలు అవుతుందని ఆఫీసులో లీవ్ దొరకలేదన్నాను. ఆదివారం కలుద్దాం అంటే తలనొప్పి అన్నాను. ఒకరోజు వాట్సాప్ గ్రూపులో గోవా ప్లాను మొదలైంది, మాట్లాడకుండా బయటికొచ్చేశాను. అమ్మ ఫోన్ చేస్తే "తిన్నానమ్మా". పుణేలో ఉద్యోగం చేస్తున్న ఒకమ్మాయి ఉండేది, మా క్లాసే. ఏడాదిన్నరగా రోజూ మాట్లాడుకునేవాళ్లం. తను హైదరాబాద్ వస్తానంటే ఈ వారం వద్దు, ఆడిట్ ఉందన్నాను. సేల్స్ వాడికి ఆడిట్ ఏంటని తను అడగలేదు. "నీకిష్టం లేకపోతే చెప్పేయొచ్చు కదా" అంది. నాకిష్టం లేక కాదు, బయట ఇద్దరం భోంచేయడానికి జేబులో డబ్బుల్లేక. ఆ ఒక్క వాక్యం చెప్పి ఉంటే ఏమయ్యేదో. చెప్పలేదు. డిసెంబరు కల్లా ఆ ఫోన్లూ ఆగిపోయాయి.

లోన్ యాప్ కూడా ఒకటి డౌన్‌లోడ్ చేశాను, దాచడమెందుకు. ఆధార్, సెల్ఫీ అన్నీ ఇచ్చాక కాంటాక్టులన్నీ చూడనివ్వమని అడిగింది. 2020 చివర్లో ఆ యాప్‌ల వేధింపులకు తెలంగాణలో జనం ప్రాణాలు తీసుకోవడం, పోలీసులు అరెస్టులు చేయడం అంతా పేపర్లో చదివినవాణ్నే. ఆ కాంటాక్టుల్లో మామయ్య పేరు గుర్తొచ్చింది. అక్కడే తీసేశాను.

సంక్రాంతికి నరసాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లాను. పాలకొల్లు స్టేషన్లో మామయ్య నిలబడి ఉన్నాడు. ఇంటికి తీసుకెళ్లలేదు, బస్‌స్టాండు పక్కన టీకొట్టులో కూర్చోబెట్టాడు. జేబులోంచి నాలుగు మడతల నోటీసు తీసి బల్లమీద బోర్లా పెట్టాడు, వెనకవైపు ఖాళీగా ఉంటుందని.

"రాయి. ఎంత బాకీ?"

"ఎనిమిదిన్నర దాకా ఉంటుంది మామయ్యా."

"దాకా ఏంట్రా? డ్యూటీ దిగాక నేను క్యాషు కట్టేటప్పుడు అయిదు వేల దాకా ఉంటుందండీ అంటే ఊరుకుంటారా? పది రూపాయలు తగ్గినా నా జేబులోంచి వెయ్యాలి. ఫోన్ తీసి చూసి రాయి."

మూడు నెలల తర్వాత బ్యాంకు యాప్ తెరిచాను. చేతులు వణికాయంటే అతిగా ఉంటుందేమో గానీ పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టాను. బాకీ, వడ్డీ రేటు, తప్పిన కిస్తీలు, జీతం, హాస్టలు, అన్నీ రాయించాడు. కింద గీత గీసి తీసివేత కూడా ఆయనే వేశాడు. 250. ఆ అంకె చూసి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇందులో నీ తప్పు తక్కువేరా. కిస్తీయే పెద్దది. చెప్పకపోవడం ఒక్కటే నీ తప్పు" అన్నాడు. ఇంకో టీ చెప్పాడు.

పండగ వెళ్లగానే ఇద్దరం బ్రాంచికి వెళ్లాం. 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏలో, అంటే మొండి బాకీల లెక్కలో పడుతుంది, మేం అంచుమీదే ఉన్నాం. డిసెంబరుదీ కట్టలేదు కాబట్టి మూడు కిస్తీలు. మామయ్య రెండు, నాన్న ఒకటి అక్కడికక్కడే కట్టారు. ఆ తర్వాత గడువు పొడిగించమని అర్జీ. చదువు లోన్లకు పదిహేనేళ్ల దాకా గడువు ఇచ్చే వీలుందట, మా ఏడేళ్లు రాయిపై చెక్కినవేం కావు. మేనేజరు అరుస్తాడనుకున్నాను. మూడు నెలల జీతం స్లిప్పులు, ఆరు నెలల స్టేట్‌మెంటు తెమ్మన్నాడు, అంతే. రోజూ ఇలాంటివాళ్లు ఎంతమంది వస్తారో ఆయన ముఖంలోనే తెలిసింది. ఎటొచ్చీ మూడుసార్లు తిప్పాడు. ఒకసారి సంబంధిత ఆఫీసరు లీవు, ఒకసారి సర్వరు డౌను.

చివరికి 12 ఏళ్లు చేశారు, కిస్తీ 10,300. ఇక్కడ ఒకటి దాచకుండా చెప్పాలి. ఏడేళ్లలో మొత్తం 12 లక్షలకు కాస్త తక్కువ కట్టేవాణ్ని, ఇప్పుడు దగ్గర దగ్గర 15 లక్షలవుతుంది. గడువు పెంచడమంటే బ్యాంకు చేసిన దానధర్మం కాదు, నెలకు నాలుగు వేల ఊపిరికి దాదాపు మూడు లక్షలు ధర. అప్పుడు నాకు ఆ ఊపిరే కావాలి, తీసుకున్నాను.

కొత్త కాగితాల మీద షూరిటీ మళ్లీ సంతకం పెట్టాలన్నారు. దాంతో అత్తయ్యకు తెలిసింది. నన్నేం అనలేదు. నేనున్న గదిలోకి రావడం మానేసింది. అప్పట్లో కోపమొచ్చింది నాకు, సొంత మేనల్లుడి మీద ఇంత పట్టింపా అని. ఎండాకాలంలో అమ్మ చెప్పింది అసలు సంగతి. ఇంటి పైకప్పు రిపేరుకు మామయ్య లోనుకు వెళితే, సిబిల్‌లో, అంటే ఎవరి అప్పు ఎంత, సరిగ్గా కడుతున్నారా అని ఉండే రికార్డులో, నా బాకీ ఆయన పేరు కింద కూడా కనిపించిందట. తప్పిన కిస్తీల సంగతి అడిగి ఫైలు పక్కన పెట్టారు. షూరిటీ అంటే అదే మరి, అప్పు ఆయన ఖాతాలో కూడా ఉన్నట్టే. ఆ వానాకాలం వాళ్ల వంటింట్లో బొక్కెన పెట్టుకున్నారు. మామయ్య ఒక్కసారి కూడా ఆ మాట నాతో అనలేదు.

హైదరాబాద్ తిరిగొచ్చాక గోడమీది కాగితం చింపలేదు. దాని పక్కనే ఇంకోటి అంటించాను, అందులో ప్రతినెలా 5వ తారీఖు, ఆ రోజు బాకీ ఎంతో. మొదట్లో ఆ అంకె కదిలేదే కాదు. 10,300 కడితే అందులో ఏడు వేల పైన వడ్డీకే పోతుంది మరి. పైగా 2022 మే నుంచి తొమ్మిది నెలల్లో రిజర్వ్ బ్యాంకు రెపో రేటును, అంటే తాను బ్యాంకులకు అప్పిచ్చే రేటును, 4 నుంచి ఆరున్నరకు పెంచింది. దాంతోపాటే నా లోను వడ్డీ రేటూ పెరిగింది. నా కిస్తీ మాత్రం మారలేదు. సంతోషించాను కూడా. స్టేట్‌మెంటు చూస్తే గడువు చడీచప్పుడు లేకుండా సాగిపోయింది. 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకే, రేటు మారినప్పుడు కిస్తీ పెంచుకుంటారా గడువు పెంచుకుంటారా అని బ్యాంకులు అడగాలని చెప్పింది. చదువు లోను వడ్డీ మీద ఉందని అందరూ గొప్పగా చెప్పే 80ఇ పన్ను మినహాయింపు నాకు పనికిరాలేదు. నా జీతానికి పన్నే పడలేదు, ఇక మినహాయింపు దేంట్లోంచి?

లెక్క తేలినా ఒంటరితనం పోలేదు, ఇది నేను ఊహించలేదు. అలవాటైపోయింది. రూమ్మేటు ఊరెళ్లిన ఒక శనివారం రాత్రి నిద్రపట్టక 14416కి ఫోన్ చేశాను, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం అప్పుడే కొత్తగా పెట్టిన హెల్ప్‌లైన్, టెలి మానస్. తెలుగులోనే మాట్లాడారు. ఆవిడ ఉపదేశమేం చేయలేదు. "ఈ విషయం మీ వయసు వాళ్లలో ఎవరికైనా చెప్పారా?" అని అడిగింది. మామయ్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు రూమ్మేటుకు చెప్పాను. "నాది 5 లక్షల 40 వేలు రా" అన్నాడు. రెండేళ్లు ఒకే గదిలో, ఒకే ఫ్యాను కింద పడుకున్నాం. వాడి వీడియోలు ఎందుకో అప్పుడు అర్థమైంది. తర్వాత తాడేపల్లిగూడెం ఫ్రెండుకు ఫోన్ చేసి పెళ్లికి ఎందుకు రాలేదో చెప్పాను. బూతులు తిట్టాడు, ఆనందంగానే. పుణే అమ్మాయికి కూడా పెద్ద మెసేజ్ పెట్టాను. "చెప్పినందుకు థాంక్స్" అని జవాబొచ్చింది. అప్పటికే నిశ్చితార్థమైందట.

2023లో ఉద్యోగం మారాను, 36,000. మొదట మామయ్య రెండు కిస్తీలు తిరిగిచ్చాను. ఆ ఏడు 50 వేలు, మరుసటి ఏడు 65 వేలు అదనంగా లోన్లో కట్టాను. మారే వడ్డీ రేటు లోను కాబట్టి ముందే కట్టినందుకు పెనాల్టీ ఏం లేదు. అసలులో జమ చేసుకొని గడువు తగ్గించమని ప్రతిసారీ లెటరు ఇచ్చాను. చెప్పకపోతే రాబోయే కిస్తీల కింద వేసేసుకోవచ్చని ఒక ఫ్రెండు హెచ్చరించాడు.

2024 శ్రావణంలో పెళ్లిచూపులు. అమ్మాయి వాళ్లది భీమవరం. నన్నడక్కముందే నేనే చెప్పాను, బాకీ 6 లక్షల 70 వేలని. వాళ్ల నాన్నగారు మర్యాదగానే, "అది కాస్త తీరాక చూద్దాం బాబూ" అన్నారు. అత్తయ్య కూడా వచ్చింది ఆరోజు, అమ్మ బతిమాలితే. బయటికొచ్చాక ఆటోలో, రెండున్నరేళ్ల తర్వాత నాతో నేరుగా అన్న మొదటి మాట, "అంకె వాళ్ల ముందు అలా టక్కున చెప్పేస్తారట్రా? కాఫీ అన్నా తాగనివ్వవా?"

ప్రతినెలా 5న కిస్తీ కట్ అయిన మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి మామయ్యకు పంపుతాను. ఆయన ఒక బొటనవేలు బొమ్మ పెడతాడు. మొన్న 5వ తారీఖు ఆదివారం పడింది, కట్ అవలేదు, నేనూ మర్చిపోయాను. సోమవారం తొమ్మిదిన్నరకు అత్తయ్య ఫోన్.

"ఏరా, ఈ నెల కట్ అయిందా? మీ మామయ్య అడగమన్నారు."

వెనక నుంచి మామయ్య గొంతు వినిపించింది. "నేనెప్పుడు అడగమన్నానే!"