టైల్ గోడకు రంధ్రం: కార్బైడ్ గ్రిట్ హోల్ సాతో నా అనుభవం

బెంగళూరు మారతహళ్లిలో మేం అద్దెకుంటున్న ఫ్లాట్‌లో వాషింగ్ మెషిన్ పెట్టే చోటు వంటగదిలో ఉంది, నీళ్లు పోయే మోరీ గోడకవతల యుటిలిటీలో ఉంది. మధ్యలో నాలుగంగుళాల సాలిడ్ బ్లాక్ గోడ, దానికి రెండు పక్కలా ప్లాస్టరింగ్, టైల్స్. "పైపు పట్టేంత రంధ్రం చేసుకోండి, టైల్ మాత్రం పగలకూడదు" అన్నారు ఓనర్ అంకుల్. కోర్ కటింగ్ వాళ్లేమో ఒక్క చిన్న రంధ్రానికి రామన్నారు. ఇక డ్రిల్ మెషిన్ ఎలాగూ ఉంది కదా అని హార్డ్‌వేర్ కొట్లుండే ఎస్పీ రోడ్డుకు వెళ్లాను.

అటక మీద మిగిలిన టైల్ ముక్క వెంట తీసుకెళ్లడం మంచిదైంది. కొట్టు అన్న దాన్ని తిరగేసి, వెనకవైపు నీళ్ల చుక్క వేశాడు. వెంటనే ఇంకిపోయింది. "మామూలు సిరామిక్ సార్, కార్బైడ్ గ్రిట్ చాలు. చుక్క అట్లే నిలిస్తే విట్రిఫైడ్, దానికి డైమండే" అన్నాడు. గోడలకు వేసే సిరామిక్ టైల్ సాధారణంగా తన బరువులో 10 శాతం పైనే నీళ్లు పీలుస్తుంది, విట్రిఫైడ్ అర శాతానికి మించి పీల్చదు. అంత చిక్కగా ఉంటుంది కాబట్టే దాని మీద కార్బైడ్ పనిచేయదు.

కార్బైడ్ గ్రిట్ హోల్ సా అంటే డ్రిల్‌కు తగిలించి గుండ్రటి రంధ్రం కోసే గిన్నెలాంటి కట్టర్. దీనికి పళ్లుండవు. ఉక్కు గిన్నె అంచుకు టంగ్‌స్టన్ కార్బైడ్ రవ్వలు అతికించి ఉంటాయి. చెక్కకు వాడే పళ్ల హోల్ సా కొరుకుతూ పోతుంది, ఇది అరగదీస్తూ పోతుంది. తేడా అంతా అక్కడే. అందుకే డ్రిల్‌లో దెబ్బ కొడుతూ తిప్పే హ్యామర్ మోడ్ ఆపేయాలి, స్పీడు తగ్గించాలి, బలంగా నొక్కకూడదు. వేడెక్కితే రవ్వలు రాలిపోతాయి. నేను 40 ఎంఎం పైపుకు 53 ఎంఎం కట్టర్ తీసుకున్నాను. పైపును మోరీ వైపు కాస్త వాలుగా పెట్టడానికి ఆ ఖాళీ కావాలి.

గోడలో వైరింగ్ ఎటు వెళ్తోందో చూసుకుని, వంటగది ఎంసీబీ ఆపి, డ్రిల్‌కు కరెంటు హాల్లోంచి లాగాను. గిన్నె మధ్యలో ముందుకు పొడుచుకుని ఉండే పైలట్ బిట్ జారకుండా టైల్‌కు మాస్కింగ్ టేప్ అంటించాను. గిన్నె అంచు టైల్‌ను తాకేటప్పుడే అసలు టెన్షన్. మెషిన్ కాస్త వంగితే ఒక పక్కే తగిలి టైల్ పైనున్న మెరుపు పూత (గ్లేజ్) పెచ్చులూడుతుంది. చుట్టూ గాడి పడ్డాక మాత్రం మెషిన్‌ను కొంచెం కొంచెం గుండ్రంగా ఆడిస్తే పొడి బయటికొస్తుంది, తొందరగా తెగుతుంది. మధ్యమధ్యలో బయటికి తీసి పొడి దులపాలి. సిమెంటు, బ్లాకుల పొడిలో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లో చేరుతూ పోతే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు. చేతిరుమాలు కట్టుకుంటే చాలదు, ఎన్95 పెట్టుకోండి. కళ్లద్దాలు కూడా.

గిన్నె లోతు రెండంగుళాలే. గోడ మొత్తం ఒకే పక్కనుంచి తెగదు. పొడవాటి 10 ఎంఎం కాంక్రీట్ బిట్‌తో, హ్యామర్ లేకుండానే, అవతలికి సన్న రంధ్రం తీసి, దాన్నే కేంద్రంగా పెట్టుకుని యుటిలిటీ వైపు నుంచి కూడా కోశాను. మధ్యలో మిగిలిన బ్లాకుకు చుట్టూ చిన్న రంధ్రాలు వేసి ఉలితో రాల్చేశాను. అది టైల్స్‌కు దూరం కాబట్టి అక్కడ హ్యామర్ వాడినా ఫర్వాలేదు. పిల్లర్, బీమ్ అయితే ఈ పని తలపెట్టొద్దు. లోపలి ఇనుప కడ్డీ తగిలితే కట్టర్ సంగతి అటుంచండి, బిల్డింగ్‌కే నష్టం.

పైపు దూర్చి, చుట్టూ వైట్ సిమెంట్ నింపి, అంచుకు సిలికాన్ పూశాను. ఓనర్ అంకుల్ వచ్చి వేలితో తడిమి చూసి ఏమీ అనలేదు, మా ఇంట్లో దాన్నే మెప్పుకింద రాసుకున్నాం. ఎదురింటి అక్క ఆర్‌ఓ కుళాయి కోసం వాళ్ల గ్రానైట్ గట్టుకు రంధ్రం పెట్టడానికి ఇదే కట్టర్ అడిగింది. గ్రానైట్‌కు ఇది పనికిరాదని చెప్పి, నీళ్లు పోస్తూ వాడే డైమండ్ కట్టర్ దొరికే కొట్టు చూపించాను.