కానుగ నీడ కావాలంటే మొదటి మూడేళ్లే కీలకం

నీళ్లు లేకపోయినా బతుకుతుంది కదా అని కానుగ మొక్కను నాటి వదిలేస్తే బతకడం బతుకుతుంది. కానీ నీడచెట్టు అవదు, మోకాలెత్తు నుంచే కొమ్మలేసి పొదలా మారుతుంది.

విత్తనం తాజాగా ఉండాలి. ఏడాది నిల్వున్న గింజల్లో మొలక బాగా పడిపోతుంది. ఎండాకాలంలో పండి గోధుమరంగుకు తిరిగిన కాయలు ఏరండి. అవి వాటంతటవి పగలవు, కర్రతో కొట్టి గింజ తీయాలి. రాత్రంతా నానబెట్టి, ఎర్రమట్టి 2 పాళ్లు, ఇసుక, మాగిన పశువుల ఎరువు ఒక్కో పాలు కలిపి నింపిన కవర్లో 2 సెంటీమీటర్ల లోతున పెడితే, దాదాపు రెండు వారాల్లో మొలుస్తుంది. తల్లివేరు త్వరగా కవరు అడుగు తాకి చుట్టుకుంటుంది. నర్సరీలో ఏపుగా ఉందని పాత మొక్క కొనకండి. మెలి తిరిగిన వేరుతో నాటితే పైకి బాగానే కనిపిస్తుంది, పెద్దయ్యాక పెనుగాలికి ఒరుగుతుంది.

తొలకరికి ఒకటిన్నర అడుగుల గుంత తీసి నాటండి. ప్రహరీకి, మురుగు పైపులకు 15 అడుగులైనా ఎడం ఉంచాలి. వేళ్లు పక్కలకూ పాకుతాయి, వాటి నుంచి పిలకలు లేస్తాయి. మొదటి ఎండాకాలం వారానికోసారి, పాదు నిండా, నెమ్మదిగా 15-20 లీటర్లు పోస్తే చాలు. రోజూ చెంబెడు పోస్తే వేళ్లు పైపైనే తిరుగుతాయి, తర్వాత నీళ్లు మానేసిన ఏడాదే చెట్టు వాడిపోతుంది. రెండో ఎండాకాలం పదిహేను రోజులకోసారి పోయండి.

అసలు పని కత్తిరింపులో ఉంది. మొదటి ఏడాది పైకి పెరిగే రెండు మొనలు పోటీపడుతుంటే ఒకటి తీసేయండి, అంతే. రెండో ఏటి నుంచి, ఆకు రాలే మాఘ ఫాల్గుణాల్లో, అడుగు కొమ్మలు కొన్ని చొప్పున తీయాలి. ఎప్పుడూ మొక్క ఎత్తులో కింది మూడో వంతు దాటి పైకి పోవద్దు. అన్నీ ఒకేసారి నరికితే కాండం సన్నగా సాగి వంగిపోతుంది. (కరెంటు తీగల కింద నాటి, తర్వాత ఏటా తల నరికించే పద్ధతి దండగ.) కొమ్మల్లేని కాండం మనిషి తల తగలని ఎత్తు, ఏడడుగులు, వచ్చాక కత్తిరింపు ఆపేయండి. పైన గొడుగు దానంతటదే కమ్ముకుంటుంది.

ఆకుల మీద బుడిపెలు, తెల్లటి చారలు చూసి మందు కొట్టకండి. బుడిపెలు ఆకును పట్టే సూక్ష్మమైన నల్లుల (మంచపు నల్లులు కావు) వల్ల, చారలు ఆకు పొరల మధ్య తొలిచే పురుగు వల్ల వస్తాయి. చూపుకే చేటు, చెట్టుకు కాదు.

పూలు, కాయలు విపరీతంగా రాలతాయి కాబట్టి కారు నిలిపే చోటు కన్నా అరుగు పక్కనే ఇది బాగుంటుంది. రాలిన ఆకు పాదులోనే వేయండి. గింజల నూనె చేదు, తినడానికి పనికిరాదు. లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కూరగాయ మొక్కల పేనుబంకపై కొట్టవచ్చు. ముందు రెండాకులపై పరీక్షించి చూడండి. సబ్బు ఎక్కువైతే ఆకు అంచులు మాడతాయి.