పెరటి కోడికి ఆయాసమా? మందు కొనే ముందు నోరు తెరిచి చూడండి

కోడి గురగురమంటోందని చెప్పగానే మందుల షాపులో తీసిచ్చేది చాలాసార్లు ఒకటే: నీళ్లలో కలిపే యాంటీబయాటిక్ పొడి. అది పనిచేసే జబ్బులు ఒకటో రెండో. కోడికి ఊపిరాడకపోవడానికి కారణాలు మాత్రం అరడజను పైనే. ఎండకు వగర్చే కోడికీ, గొంతులో పురుగు చేరిన కోడికీ, కొక్కెర తెగులు తగిలిన కోడికీ ఆ పొడితో జబ్బు పోదు. పైగా మూడు నాలుగు రోజులు చేజారిపోతాయి. అసలు నష్టం అదే.

ముందు కోడిని ముట్టుకోకుండా కాస్త దూరంలో నిలబడి ఐదు నిమిషాలు చూడండి. పట్టుకుంటే బాగున్న కోడి కూడా బెదురుతో వగరుస్తుంది. నీడలో నిమ్మళంగా ఉన్న కోడి నోరు మూసుకునే ఊపిరి తీస్తుంది, నిమిషానికి సుమారు 15 నుంచి 30 సార్లు. మిట్టమధ్యాహ్నం నోరు తెరిచి, రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టి, చప్పుడు లేకుండా వగరుస్తుంటే అది ఎండ దెబ్బ. కోళ్లకు చెమట పట్టదు, నోటితోనే వేడి వదులుతాయి. నీడకు చేర్చి, కాళ్లు తడిపి, చల్లటి నీళ్లు పెడితే కాసేపట్లో తేరుకోవాలి. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు కూడా నోరు తెరిచే ఉందంటే అది జబ్బు. ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందికీ ఊగుతుంటే బాగా ముదిరినట్టు లెక్క.

పగటి గోలలో చిన్న గురక వినపడదు. రాత్రి కోళ్లన్నీ సద్దుమణిగాక గూటి దగ్గర చప్పుడు చేయకుండా నిలబడి వినండి. ఏ కోడి, ఎన్ని కోళ్లు, తడి గురకా పొడి తుమ్మా అన్నది అప్పుడే తేలుతుంది.

ఇక పట్టుకోవడం. కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీసే అలవాటు మనకు బాగా ఉంది. ఆయాసపడే కోడిని అలా పట్టుకుంటే కడుపులోని బరువంతా ఊపిరి సంచుల మీద పడుతుంది. పైగా మెడ కింద మేత సంచిలోని నీళ్లు నోట్లోకొచ్చి ఊపిరి గొట్టంలోకి దిగుతాయి. రొమ్మును గట్టిగా అదిమి పట్టడం కూడా ప్రమాదమే. మనం ఛాతీ కింది పొరతో గాలి పీలుస్తాం, కోడికి అలాంటి పొర లేదు. రొమ్ము ఎముక కదిలితేనే దానికి గాలి ఆడుతుంది. పాత తువ్వాలులో రెక్కలు ముడిచి, రొమ్ము వదులుగా ఉండేలా చంకలో పెట్టుకోండి.

ఒకరు పట్టుకుంటే ఇంకొకరు బొటనవేలూ చూపుడువేలుతో ముక్కు, అంటే నోరు తెరిచి ఫోను టార్చి వేయాలి. నాలుక వెనక సన్నటి చీలిక ఒకటి తెరుచుకుంటూ మూసుకుంటూ కనిపిస్తుంది. అదే ఊపిరి దారి. దాని చుట్టూ ఏముందో చూడండి.

పసుపు రంగులో జున్నులా అంటుకున్న పొర ఉండి, తల మీది ఎర్రటి జుట్టు మీదా గడ్డం కింది తమ్మెల మీదా నల్లటి పొక్కులు కూడా ఉంటే అది మశూచి, అంటే పల్లెల్లో అమ్మవారు అనేది. ఆ పొరను గోటితో పీకితే రక్తం కారుతుంది, ఆ రక్తం గొంతులోకి పోతుంది. ఊపిరి దారికే అడ్డుపడితే తీయాల్సింది పశువైద్యుడు.

నోరు శుభ్రంగానే ఉండి, కోడి మాటిమాటికీ మెడ చాచి ఆవులించినట్టు నోరు తెరుస్తూ, తల విదిలిస్తుంటే ఊపిరి గొట్టంలో ఎర్రటి పురుగులు ఉండొచ్చు. వానపాములూ నత్తలూ తినే పెరటి కోళ్లకు, అందులోనూ పిల్లలకు, ఇవి పట్టే అవకాశం ఎక్కువ. దీనికి ఫెన్‌బెండజోల్ వాడతారు, కిలో బరువుకు 20 మిల్లీగ్రాములు, మూడు నుంచి ఐదు రోజులు. మిల్లీలీటరుకు 25 మి.గ్రా. ఉండే ద్రావణమైతే రెండు కిలోల కోడికి రోజుకు 1.6 మి.లీ. కొత్త ఈకలు వచ్చే సమయంలో ఇస్తే ఆ ఈకలు వంకరగా రావచ్చు.

ముక్కు నుంచి చీమిడి, కంటి మూలలో నురుగు, రాత్రిపూట తడి గురక, కానీ మేత కొంచెం తింటూనే ఉండటం: ఇది సీఆర్‌డీ, అంటే కోళ్లను ఎక్కువకాలం పట్టి ఉండే ఊపిరి జబ్బు. కంటి కింద ముఖం ఒకవైపు ఉబ్బి, చీమిడి కుళ్లు వాసన కొడితే కొరైజా, అంటే కోళ్ల అంటు జలుబు. షాపులో ఇచ్చే పొడి నిజంగా పనికొచ్చేది ఈ రెంటికే, అదీ సరైనది ఎంచితే. సీఆర్‌డీకి టైలోసిన్ గానీ డాక్సీసైక్లిన్ గానీ వాడతారు, కొరైజాకు సల్ఫా మందులు. టైలోసిన్ సాధారణ మోతాదు లీటరు నీటికి అర గ్రాము, మూడు నుంచి ఐదు రోజులు. అర గ్రామంటే అసలు మందు బరువు, పొడి బరువు కాదు. ప్యాకెట్‌ను బట్టి పొడిలో మందు శాతం మారుతుంది. డాక్సీసైక్లిన్ ఇచ్చే రోజుల్లో గవ్వపొడి, మజ్జిగ ఆపండి. కాల్షియం ఆ మందును పట్టేసి ఒంటికి ఎక్కనివ్వదు. మందు నీళ్లు రోజూ పారబోసి కొత్తగా కలపాలి, వేరే నీళ్లు అందుబాటులో ఉండకూడదు. జబ్బు ముదిరిన కోడి నీళ్లే తాగదు కాబట్టి దానికి ఇంజెక్షనో, బరువును బట్టి నోటి మందో పశువైద్యుడి చేత ఇప్పించడం మేలు. లేబుల్ మీద రాసిన గడువు దాటేవరకు ఆ గుడ్లూ మాంసమూ తినకూడదు. సీఆర్‌డీ వచ్చిన పెట్ట తేరుకున్నా క్రిమి లోపలే ఉండిపోతుంది, గుడ్డు ద్వారా పిల్లకూ వెళ్తుంది. దాని గుడ్లు పొదగేయొద్దు.

ఆయాసంతో పాటు ఆకుపచ్చ తెల్ల విరేచనాలు, మెడ వంకర, కాళ్లు పడిపోవడం ఉంటే కొక్కెర తెగులు, అంటే రాణిఖేత్. దానికి మందు లేదు. జుట్టు, తమ్మెలు నీలంగా మారి, తల వాచి, ఒకటి రెండు రోజుల్లోనే వరసగా చనిపోతుంటే బర్డ్ ఫ్లూ కావచ్చు, కోయడం, ఈకలు పీకడం, పంచిపెట్టడం ఏదీ చేయకండి. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం ఫారాల్లో బర్డ్ ఫ్లూ తేలిన సంగతి గుర్తుండే ఉంటుంది. ఊళ్లో పశువుల ఆసుపత్రికి చెప్పండి, లేదంటే పశువైద్య సహాయ నంబరు 1962కి ఫోను చేయండి.

ఇవేవీ కాకుండా గూడే కారణం కావడం కూడా తక్కువేం కాదు. పిల్లికీ ముంగిసకూ భయపడి గంప మూసి, పైన గోనెసంచి కప్పి, కింద తడి రెట్ట అలాగే వదిలేస్తాం. పొద్దున్నే గంప ఎత్తే ముందు కోడి తల ఎత్తుకు మీ ముఖం వంచి వాసన చూడండి. ముక్కు మండిందంటే అందులోని అమ్మోనియా గొంతు లోపలి సన్నటి నూగును ఇప్పటికే దెబ్బతీస్తోంది. దాని వెనకాలే సీఆర్‌డీ వస్తుంది. చాలామంది రెట్ట మీదే సున్నం చల్లుతారు. సున్నం పడితే అమ్మోనియా ఇంకా ఎక్కువ లేస్తుంది. రెట్ట పూర్తిగా ఎత్తి, నేల ఆరనిచ్చి, పొడి ఊక రెండు మూడు అంగుళాలు పరవండి. బూజు పట్టిన గడ్డి మాత్రం వద్దు, ఆ బూజు కోడిపిల్లల ఊపిరితిత్తుల్లో పెరుగుతుంది. గంప ఒక పక్క గోనె కప్పకుండా గాలికి వదలండి.

కారణం తేలేవరకు జబ్బు కోడిని విడిగా, ఎదురుగాలి తగలని చోట పెట్టి, దాని పని చివర్లో చేయండి. లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి ముందు పెట్టండి. మందు నీళ్లలో కలిపే రోజుల్లో ఈ పని అక్కర్లేదు. తాగలేకపోతే నోటి అంచున చుక్క చుక్కగా తడపాలి, మింగాకే ఇంకో చుక్క. అల్లం రసమైనా, పసుపు నీళ్లయినా గొంతులో గుమ్మరిస్తే సగం ఊపిరితిత్తుల్లోకే పోతుంది. ఆయాసంతో మొదలైంది న్యుమోనియాతో ముగిసేది చాలాసార్లు ఇలాగే. మనుషుల జలుబు బామ్‌లు ముక్కుకు పూయడం కూడా మానేయండి.

సంతలో కొన్న కోడిని, సంక్రాంతి బరి నుంచి తిరిగొచ్చిన పుంజును మూడు నాలుగు వారాలు వేరుగా ఉంచాలి. టీకాల సంగతికొస్తే, కోడిపిల్లలకు ఐదు నుంచి ఏడు రోజుల మధ్య కొక్కెర తెగులు టీకా లసోటా ఒక చుక్క కంట్లో గానీ ముక్కులో గానీ, నెల దగ్గర మళ్లీ ఒకసారి. వేసిన నాలుగైదు రోజులకు కొంచెం తుమ్ములు వస్తాయి, అది టీకా ప్రభావమే, దానికి యాంటీబయాటిక్ మొదలుపెట్టకండి. మశూచి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య రెక్క పొరలో. ఎనిమిది వారాలు దాటాక కొక్కెర తెగులుకే ఇంకో టీకా ఆర్2బి, రెక్క కింద చర్మంలోకి అర మి.లీ. ఇది ఘాటైన టీకా, చిన్న పిల్లలకు వేస్తే చచ్చిపోతాయి. సీసాలో వంద డోసులో అంతకన్నా ఎక్కువో ఉంటాయి, కలిపాక ఐసులోనే ఉంచి రెండు గంటల్లో వాడేయాలి. అందుకే వీధిలో కోళ్లున్న నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి ఒకే పొద్దున వేయించుకుంటే సీసా వృథా పోదు.