ఓవెన్‌లో ఏముందో ముందు చెప్పండి

నేను అమ్మేది స్టోన్‌వేర్ పాత్రలు. ఓవెన్‌లో పెట్టి వండుకునే బరువైన మట్టి గిన్నెలు, పలకలు. నాకు షాపు లేదు. ఎవరైనా పిలిస్తే వాళ్ళింటికి వెళ్ళి, వాళ్ళ వంటింట్లో, వాళ్ళ ఓవెన్‌లోనే ఒక వంట చేసి చూపిస్తాను. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వస్తారు, తింటారు, నన్ను నానా ప్రశ్నలూ అడుగుతారు. కావాలనుకున్నవాళ్ళు కొంటారు. ఉండేది బైరాగిపట్టెడ కాబట్టి ఎక్కువ తిరుపతిలోనే తిరుగుతాను గానీ చిత్తూరు, పుత్తూరు, శ్రీకాళహస్తి నుంచి కూడా పిలుపులొస్తాయి. గంగమ్మ జాతర వారంలో మాత్రం ఎవ్వరూ పిలవరు, నేనూ ఖాళీగా ఉండను.

ఫోన్ చేసినవాళ్ళను ముందుగా అడిగేది, "ఓవెన్ ఉందామ్మా?" అని.

"ఉండాదక్కా."

"అందులో ఏముంది?"

అక్కడ నవ్వు మొదలవుతుంది. లాక్‌డౌన్‌లో ఊరంతా కేకులు చేసినప్పుడు కొన్న ఓటీజీ, అంటే చిన్న కరెంటు ఓవెన్ అది. ఇప్పుడు దాన్లో అప్పడాల ప్యాకెట్లుంటాయి, కరెంటు బిల్లులుంటాయి, ఒకరింట్లో పిల్లాడి పదో తరగతి మార్కుల లిస్టు కూడా ఉంది. పైన ఎంబ్రాయిడరీ గుడ్డ, ఆ గుడ్డ మీద ఏడుకొండలవాడి పటం. పటాన్ని భక్తిగా పక్కకు జరిపి, గుడ్డ మడిచి, ఓవెన్ ఖాళీ చేసేసరికే అరగంట. నా పని సగం అక్కడే అయిపోతుంది. పాత్ర కొనాలా వద్దా అన్నది తర్వాతి మాట, ముందు ఆ డబ్బా మళ్ళీ పొయ్యిగా మారాలి కదా.

ఓవెన్ లేనివాళ్ళకు అమ్మను. "గ్యాస్ మీద పెట్టచ్చునా అక్కా?" అని ప్రతి ఇంట్లో ఒకరు అడుగుతారు. పెట్టకూడదు. మంట తగిలిన చోట గబగబా వేడెక్కుతుంది, పక్కనేమో చల్లగా ఉంటుంది. వేడెక్కిన భాగం సాగబోతుంది, చల్లని భాగం కదలదు, మధ్యలో టక్కుమని పగులుతుంది. ఈ మట్టికి వేడిని గబుక్కున పక్కకు పంచే గుణం లేదు. నెమ్మదిగా పట్టుకుంటుంది, నెమ్మదిగా వదులుతుంది. ఓవెన్‌లో అన్ని వైపులా వేడి ఒకేలా ఉంటుంది కాబట్టి అక్కడ ఆ గుణమే పనికొస్తుంది. అల్యూమినియం ట్రేలో బిస్కెట్ల అడుగు మాడి పైన తెల్లగా మిగిలిపోయే బాధ ఇందులో తక్కువ. మా సరుకు పంపే ఆయనకు నేను ఇలా ఎదురు చెప్పి పంపించడం నచ్చదు. "అడిగినవాళ్ళకి అమ్మండి మేడమ్" అంటాడు. గ్యాస్ మీద పగిలిన గిన్నె ముక్కలు ఫోటో తీసి వాట్సాప్‌లో పెడితే సమాధానం చెప్పాల్సింది ఆయన కాదుగా!

ఇది కొత్త వస్తువని అందరూ అనుకుంటారు. అందుకని నేను అటక మీది ఆవకాయ జాడీ దింపించి చూపిస్తాను. అదీ స్టోన్‌వేరే. మన కుండలు, పలమనేరు వైపు చేసే ఎర్రమట్టి బొమ్మలు తక్కువ వేడిలో కాలతాయి. స్టోన్‌వేర్ మట్టిని 1200 నుంచి 1300 డిగ్రీల దాకా కాలుస్తారు. ఆ వేడికి మట్టిలోని కొన్ని ఖనిజాలు కరిగి, సందులు మూసుకుని రాయిలా బిగుసుకుంటుంది. నీళ్ళు పీల్చదు. జాడీలో ఉప్పూ పులుపూ ఏడాదంతా ఉన్నా దానికి ఏమీ కాదు, పచ్చడికీ ఏమీ కాదు. "రాచ్చిప్ప లాంటిదా?" అని పెద్దవాళ్ళు అడుగుతారు. రాచ్చిప్ప బలపపు రాయిని తొలిచి చేసేది, పొయ్యి మీదకెక్కుతుంది. ఇది మట్టి, ఎక్కదు. పరీక్ష కావాలంటే గిన్నె తిరగేసి, పూత లేని అడుగంచు మీద ఒక చుక్క నీళ్ళు వేసి చూడండి. చుక్క ఇంకిపోతే సరిగ్గా కాలని మట్టి. నిలబడితే మంచిది. ఇంకోటి, ఎగ్జిబిషన్లలో షోకేసు కోసం అమ్మే రంగురంగుల గిన్నెల్లో వండకండి. ఆ పూతల్లో సీసం ఉండవచ్చు, పులుపు తగిలితే అది తిండిలోకి దిగుతుంది. తిండికి పనికొచ్చే పూతేనా అని అడిగి కొనండి, నా దగ్గరైనా సరే.

ఇక వంటల సంగతి. కొత్తగా పిలిచినవాళ్ళు పిజ్జా చేయమంటారు. చేస్తాను. ఆ రోజు పిల్లలు గెంతుతారు, అందరూ తింటారు, ఒక్కరూ కొనరు. పిజ్జా తినాలంటే ఫోన్‌లో నొక్కితే వస్తుందని వాళ్ళకు తెలుసు. ఎప్పుడూ చేసుకునే వంట ఇందులో వేరేగా వచ్చినప్పుడే గిన్నె వైపు చేయి చాస్తారు.

జున్నుతో అమ్మినన్ని గిన్నెలు నేను దేనితోనూ అమ్మలేదు. మన వైపు పాడికి కొదవలేదు, తెలిసినవాళ్ళింట్లో ఆవో గేదో ఈనితే, దూడ తాగాక మిగిలిన జున్నుపాలు ఒక చెంబెడు వస్తాయి. ఇడ్లీ పాత్రలో ఆవిరి పడితే జున్ను ఎలా వస్తుందో మీకూ తెలుసు. నాలుగు నిమిషాలు ఎక్కువైతే బొక్కలు బొక్కలుగా రబ్బరైపోతుంది, అడుగున నీళ్ళూరుతాయి. పాలలోని మాంసకృత్తులు మరీ వేడికి బిగుసుకుపోయి నీటిని బయటకు పిండేయడం వల్ల అలా అవుతుంది. ఓవెన్‌లో వేడిని అదుపులో పెట్టుకోవచ్చు. మొదటి పూట పాలు గ్లాసుడైతే మామూలు పాలు రెండు గ్లాసులు, మరీ చిక్కగా ఉంటే మూడు. రెండో రోజు పాలైతే సగానికి సగం చాలు. బెల్లం తురిమి చల్లని పాలలోనే కరిగించి వడకట్టాలి, వేడి చేస్తే అక్కడే విరుగుతుంది. మిరియాల పొడి, యాలకుల పొడి. పాలు ఫ్రిజ్‌లోంచి తీసినవైతే గంటసేపు బయట పెట్టాలి. గిన్నెలో ముప్పావు దాకా పోసి, ఆ గిన్నెను గోరువెచ్చని నీళ్ళున్న పెద్ద ట్రేలో కూర్చోబెట్టి, 150 డిగ్రీల దగ్గర ముప్పావుగంట నుంచి యాభై నిమిషాలు. నడుమ ఇంకా కాస్త వణుకుతూ ఉన్నప్పుడే తీసేయాలి. గిన్నెలో దాచుకున్న వేడి మిగతా పని చేసేస్తుంది. చల్లారాక కత్తి పెడితే ముక్క ముక్కగా, నున్నగా లేస్తుంది.

జున్నుకు గుడ్డు అక్కర్లేదు అన్నది ఇంకో లాభం. తిరుపతిలో శనివారం వంటకు పిలిచి గుడ్డు పగలగొడితే ఆ ఇంటికి మళ్ళీ పిలుపు రాదు. ఏడుకొండలవాడికి ప్రత్యేకమైన పెరటాసి నెలలో అయితే నెలంతా అంతే. కేకు చూపించాల్సొస్తే పెరుగూ వంటసోడాతోనే లాగిస్తాను.

రెండోది గుత్తివంకాయ. లేత కాయలు, చెనిగ్గింజలు (వేరుసెనగ గింజలు) నువ్వులు ఎండుమిర్చి వేయించి కొట్టిన పొడి, కాస్త చింతపండు గుజ్జు, మొత్తానికి రెండు మూడు చెంచాల నూనె. మూత ఉన్న లోతు గిన్నెలో పరిచి 190 దగ్గర నలభై నిమిషాలు. కాయ చితకదు, గరిటె పెట్టి తిప్పే పనే లేదు కాబట్టి కూరిన పొడి కాయలోనే ఉంటుంది. చింతపండు పులుపు అల్యూమినియం గిన్నెను తిన్నట్టు దీన్ని తినదు.

నిప్పట్లు, అదే చెక్కలు, మాత్రం అడగద్దు. పలక మీద కాల్చిన నిప్పట్టు నూనెలో దేవినదానిలా ఉండదు. కరకరలాడుతుంది, బాగానే ఉంటుంది, కానీ అది వేరే వస్తువు. ఒకటేనని చెప్పి అమ్మేవాళ్ళను నమ్మకండి. అదే పలక మీద రాగిపిండి, బెల్లం, నెయ్యి, చెనిగ్గింజల పొడి కలిపిన బిస్కెట్లు చేస్తే వాటికి ఎవరూ వంక పెట్టలేదు. పూత లేని పలక గిన్నెలంత బిగుతుగా ఉండదు, పిండిలోని తడిని కొద్దిగా లాగుతుంది, అందుకని అడుగు గుల్లగా వస్తుంది.

నేను ఒక వంట చూపిస్తే ఆ ఇంటివాళ్ళు ఒక వంట నాకు చెప్పాలి. ఇది నేను పెట్టుకున్న నియమం. నోటుపుస్తకంలో రాసుకుంటాను, తర్వాతి ఇంట్లో "ఫలానా ఊరి అక్క చెప్పింది" అని చేసి చూపిస్తాను. అలా వచ్చిన వాటిలో నాకు బాగా నచ్చింది మదనపల్లె నుంచి కోడలుగా వచ్చిన ఒకామె చెప్పినది. టమాటా ధర పడిపోయి మార్కెట్‌లో పారబోస్తున్నప్పుడు వాళ్ళింట్లో ముక్కలు ఎండబెట్టి పచ్చడి పెడతారు. ముసురు పట్టిందంటే ముక్కలు బూజే. ఆమె రెండు కిలోల టమాటాలు సగాలుగా కోసి, కోసిన వైపు పైకి పెట్టి, ఉప్పు చల్లి వెడల్పు గిన్నెలో 130 దగ్గర మూడు గంటలు ఉంచింది. నీరు చాలావరకు పోయింది, ముక్క ముడుచుకుంది, రంగు ముదిరింది. మామూలుగా నూరి తాలింపు పెట్టి ఫ్రిజ్‌లో పెట్టుకుంది. కరెంటు బిల్లు మాట వాళ్ళాయన ఎత్తాడు. ఎత్తితే ఎత్తనీ, ముక్కలు పారేసుకుంటే ఆ నష్టం ఎవరు లెక్కేస్తారు?

వంటల కాగితం నేనే రాసి జిరాక్స్ తీయించి ఇస్తాను. కొలతలు ఇంట్లో ఉండే గ్లాసుతోనే. యంత్రం ఎంత డిగ్రీలు చూపిస్తోందో లోపల అంతే ఉండదు కాబట్టి, రంగు చూడమని, వాసన చూడమని కూడా రాస్తాను. కాగితం ఫ్రిజ్ మీద అంటించుకున్నవాళ్ళు మళ్ళీ ఫోన్ చేస్తారు, రెండో గిన్నె వాళ్ళే కొంటారు.

ఇలా ఇంట్లో కూర్చోబెట్టి అమ్మడం ఎప్పటినుంచో ఉన్నదే. అమెరికాలో టప్పర్‌వేర్ డబ్బాలు 1940లలో షాపుల్లో సరిగా కదల్లేదు. మూత ఎలా బిగించాలో ఎవరైనా చేసి చూపిస్తే గానీ జనానికి తెలియలేదు. 1951లో షాపుల నుంచి తీసేసి ఇళ్ళల్లోనే అమ్మారు. ఆ దారి పట్టించినావిడ పేరు బ్రౌనీ వైజ్. వంటపాత్రలకైతే డోరిస్ క్రిస్టఫర్ అని ఒక హోమ్‌సైన్స్ టీచరమ్మ ఉంది. 1980లో జీవిత బీమా పాలసీ మీద 3,000 డాలర్లు అప్పు తీసుకుని షికాగో దగ్గర తన ఇంటి నేలమాళిగలో పాంపర్డ్ షెఫ్ మొదలుపెట్టింది. ఇళ్ళకు వెళ్ళి వండి చూపించడమే వ్యాపారం, స్టోన్‌వేర్ వాళ్ళకు పేరు తెచ్చిన సరుకుల్లో ఒకటి. 2002లో అమెరికా కోటీశ్వరుడు వారెన్ బఫెట్ కంపెనీ దాన్ని కొనేసింది. నేను చీటీ పాడి ఆ డబ్బుతో మొదటి సరుకు ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జా నుంచి తెప్పించాను. నా దగ్గరికి బఫెట్ ఇంకా రాలేదు.

"అక్కా, మేమూ చేరతాం, మా కింద ఇద్దర్ని చేరుస్తాం" అని కొందరు వస్తారు. నా దగ్గర కింద, పైన లేవు. మనుషుల్ని చేర్చినందుకు డబ్బులిచ్చే పిరమిడ్ పథకాలు చట్టం ఒప్పుకోదు. 2021 డిసెంబరులో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనల ప్రకారం చేరడానికి ఫీజు కూడా వసూలు చేయకూడదు. మిమ్మల్ని ఎవరైనా అలా పిలిస్తే ముందు ఇది అడగండి. నాతో కలిసి వచ్చి గిన్నెలు మోస్తే, అమ్మినదాంట్లో వాటా ఇస్తాను. ఇల్లు ఇచ్చిన ఆమెకు ఒక చిన్న గిన్నె ఊరికే ఇస్తాను. అంతకు మించి లెక్కలు లేవు.

కొన్నాక పగిలేది ఎక్కువగా వంటింటి గ్రానైట్ బండ మీదే. ఓవెన్‌లోంచి తీసిన గిన్నెను చల్లని, తడి బండ మీద పెడితే దానికి ప్రాణం ఉండదు. మడిచిన గుడ్డ వేయండి, లేదా చపాతీ పీట. వేడి గిన్నెలో చన్నీళ్ళు పోయకండి. పూత ఉన్నదాన్ని మామూలుగా కడుక్కోవచ్చు. పూత లేని పలకకు సబ్బు వద్దు, పీల్చుకుని తర్వాతి బిస్కెట్లలో వాసనొస్తుంది. వేడినీళ్ళు పోసి చెక్క గరిటెతో గీకితే చాలు. వాడేకొద్దీ అది నల్లబడుతుంది. మా అత్తగారికి అది చూస్తే చిరాకు, పీచు పెట్టి తోమబోతుంది. ఆ పలకను నేను ఆమెకు అందకుండా పెట్టుకుంటాను.

ధర మాట కూడా చెప్పేస్తా. నా ఒక గిన్నె డబ్బుకు మూడు అల్యూమినియం కేకు గిన్నెలొస్తాయి. వారానికి ఒకసారైనా ఓవెన్ వాడతారనుకుంటేనే కొనండి.

నన్ను పిలిచే ముందు ఓవెన్ ఖాళీ చేసి, పవర్ ప్లగ్ ఎక్కడుందో చూసిపెట్టండి. మిక్సీ పెట్టే చిన్న ప్లగ్‌కు ఓవెన్ తీగ పట్టదు. మొన్న ఒకరింట్లో ఆ ప్లగ్ బెడ్‌రూమ్‌లో ఏసీ దగ్గర మాత్రమే ఉంటే, మంచం పక్కన స్టూలు వేసి జున్ను చేశాం.