జింక వేటకు పిస్తోలు తూటా రైఫిల్: మేనల్లుడికి రాసిన సలహా

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో స్థిరపడిన మా అక్క కొడుకు, వచ్చే వేట కాలానికి ఒక లివర్ రైఫిల్ (ట్రిగ్గర్ దగ్గరి మీటను ఆడించి తూటా ఎక్కించేది) కొనదలచి, అది .357 మాగ్నమ్‌లో తీసుకోవాలా, .44 మాగ్నమ్‌లోనా, లేక .45 కోల్ట్‌లోనా అని నన్ను అడిగాడు. ఇవి మూడూ పిస్తోలు తూటాల రకాలు; ముందున్న అంకె గుండు వ్యాసం, సుమారుగా అంగుళాల్లో. తిరుపతిలో కాలేజీ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషిని అడగవలసిన ప్రశ్నేనా ఇది అని మా ఇంట్లో నవ్వుకున్నారు గాని, తూటాల కంపెనీలు అచ్చు వేసే పట్టికల్లో ఉండేదంతా ద్రవ్యరాశి, వేగం, గతిశక్తి, పతనం తప్ప మరొకటి కాదు. పైగా మా నాన్నగారి కాలంలో బంగారుపాళ్యం వైపు మామిడితోటకు కాపలాగా లైసెన్సు ఉన్న పన్నెండు బోరు తుపాకి మా ఇంట్లో ఉండేది కాబట్టి, ఆయుధం అంటే ఉండవలసిన భయమూ భక్తీ నాకు చిన్నప్పటి నుంచీ ఉన్నాయి. అతనికి రాసిన జవాబునే కొంత పెంచి ఇక్కడ పెడుతున్నాను.

మన దేశంలో ఈ ప్రశ్నే పుట్టదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దుప్పిని గాని, కణితిని గాని వేటాడటం నేరం; శేషాచలం అడవుల్లో అయినా, కౌండిన్య వైపు అయినా అంతే. ఒహాయోలో తెల్లతోక జింకలు పొలాల మీద పడి మొక్కజొన్న, సోయా పంటలను తినేటంత విస్తారంగా ఉన్నందువల్ల, అక్కడి ప్రభుత్వమే లైసెన్సులిచ్చి, కాలం నిర్ణయించి, ఇన్ని అని లెక్కగట్టి వేటను అనుమతిస్తుంది. ఆ జింక మన అలిపిరి మెట్ల దారిలో కనబడే చుక్కల దుప్పి కంటే సగటున కొంత బరువైనది, చలిదేశపు జంతువు కనుక ఛాతీ కూడా మందంగా ఉంటుంది.

మామూలు వేట రైఫిళ్లు ఉండగా పిస్తోలు తూటా ఎందుకన్నది తెలియాలంటే అక్కడి నియమం తెలియాలి. ఊళ్లూ పొలాలూ కలిసిపోయిన చదును నేలలో, మెడ దగ్గర సన్నబడే సీసా ఆకారపు రైఫిల్ తూటాను అనుమతిస్తే గుండు చాలా దూరం పోతుందన్న భయంతో ఒహాయో చాలాకాలం జింకల తుపాకి వేటను ప్రధానంగా పన్నెండు బోరు వంటి షాట్‌గన్‌కే పరిమితం చేసి, 2014లో నిటారు గోడల కేసు (మందును పట్టే లోహపు డొల్ల) ఉన్న తూటాల రైఫిళ్లకు అనుమతినిచ్చింది. ఆ గుండు వ్యాసం .357 అంగుళం నుంచి .50 అంగుళం లోపల ఉండాలి. మిషిగన్ దక్షిణ భాగానికి అదే ఏడు పెట్టిన నియమం ఇంకా సూక్ష్మమైనది: వ్యాసం .35 అంగుళానికి తగ్గకూడదు, కేసు పొడవు 1.16 నుంచి 1.80 అంగుళాల మధ్య ఉండాలి. ఈ 1.16 అనే అంకెను చూసి నేను ముచ్చటపడ్డాను. .38 స్పెషల్ కేసు పొడవు 1.155 అంగుళాలు, .357 మాగ్నమ్‌ది 1.29 అంగుళాలు, అంటే వెంట్రుకవాసి తేడాతో బలహీనమైన దాన్ని గడప బయట నిలబెట్టి, బలమైన దాన్ని లోపలికి రానిచ్చారు. 9 ఎంఎం, .45 ఏసీపీ వంటి ఆటోమేటిక్ పిస్తోలు తూటాలు కూడా ఆ కొలతతోనే తప్పుకుంటాయి.

పొడవైన గొట్టంలో పెట్టినప్పుడు ఏ తూటా ఎంత లాభపడుతుందన్నదే మొదట చూడవలసిన విషయం. 9 ఎంఎం, .45 ఏసీపీలలో వాడే కొద్దిపాటి మందు త్వరగా కాలిపోతుంది కనుక, పదహారు అంగుళాల గొట్టం ఇచ్చినా వాటి వేగం పెద్దగా పెరగదు. మాగ్నమ్ తూటాల్లో మందు ఎక్కువ, అది కాలడం నిదానం. అందుచేత గుండు గొట్టంలో ప్రయాణించినంత మేరా వాయువు దాన్ని వెనక నుంచి నెడుతూనే ఉంటుంది. 158 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే సుమారు 0.065 గ్రాము) .357 గుండు నాలుగంగుళాల రివాల్వర్ నుంచి సెకనుకు సుమారు 1,235 అడుగుల వేగంతో వెలువడితే, రైఫిల్ నుంచి సుమారు 1,800 అడుగుల వేగంతో వెలువడుతుంది. శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అది రెట్టింపు దాటుతుంది. 240 గ్రెయిన్ల .44 గుండు రైఫిల్ నుంచి సుమారు 1,760 అడుగుల వేగంతో, దాదాపు 1,650 ఫుట్-పౌండ్ల (ఒకటి సుమారు 1.36 జౌళ్లు) శక్తితో బయలుదేరుతుంది.

అయితే జింక గొట్టం మూతి దగ్గర నిలబడదు. వంద గజాలు, అనగా 91 మీటర్లు పోయేసరికి .357 శక్తి 700 ఫుట్-పౌండ్ల చిల్లరకు పడిపోగా, .44కు ఇంకా వెయ్యి దాకా మిగిలి ఉంటుంది. ఈ ఒక్క అంకె మీదనే తీర్పు చెప్పేయవచ్చునని కొందరు అంటారు గాని, నా ఉద్దేశంలో శక్తి పట్టిక సగం మాటే చెబుతుంది. జంతువును త్వరగా పడగొట్టేది ఊపిరితిత్తుల గుండా, గుండె గుండా ఆ చివరి దాకా పోయే గాయం. దానికి గుండు ముక్కు తగినంత విచ్చుకోవాలి, విచ్చుకున్న తరువాత కూడా లోతుకు పోయేంత బరువు మిగిలి ఉండాలి.

.357తో వచ్చే చిక్కు ఇక్కడే ఉంది. పోయిన ఏడాది వాళ్లింటికి వెళ్లినప్పుడు మావాడు బల్ల మీద రెండు రకాల తూటాలు నిలబెట్టి చూపించాడు. ఒకటి ముక్కులో గుంట ఉన్నది, రాగి తొడుగు పలచగా అంచు దాకా వచ్చి చీలికలు పడేందుకు గాడులు కోసి ఉన్నది. రెండోదాని కొసన మెత్తని సీసం మొద్దుగా బయటికి కనబడుతున్నది, గోటితో నొక్కితే గీత పడింది. మొదటిది రివాల్వర్ వేగానికి, అంటే 1,200 అడుగుల ప్రాంతంలో విచ్చుకోవడానికి తయారైనది. దాన్నే రైఫిల్ నుంచి 1,800 అడుగులతో కొడితే, దగ్గర దూరంలో లోతుకు పోకముందే పగిలి ముక్కలయ్యే ప్రమాదం ఉంది. కనుక .357 తీసుకునేవారు గుంట ముక్కు ఆత్మరక్షణ తూటాలను పక్కనబెట్టి, 158 గాని, 180 గాని గ్రెయిన్ల మెత్తని సీసపు ముక్కు గుండునే వాడాలి, దూరం డెబ్భై, ఎనభై గజాలు మించకూడదు. ఆ హద్దుల్లో అది చాలినదే. పైగా అదే రైఫిల్లో చవకైన .38 స్పెషల్‌తో ఏడాది పొడవునా అభ్యాసం చేసుకోవచ్చు. తుపాకి పేలుడుకు బెదిరే భుజం ఉన్నవారికి నేను దీన్నే చెబుతాను.

.44లో ఈ హద్దులు కొంత సడలుతాయి. గుండు బరువు, వెడల్పు రెండూ ఎక్కువ కనుక అది కొంచెమే విచ్చుకున్నా గాయం పెద్దదవుతుంది. భుజానికి తగిలే దెబ్బ పన్నెండు బోరు స్లగ్ (రవ్వలకు బదులు ఒకే పెద్ద గుండు) కొట్టే దెబ్బలో సగం కూడా ఉండదు.

.45 కోల్ట్ గురించి మావాడికి మోజు ఎక్కువ, ఎందుకంటే అది 1873 నాటిది, కౌబాయ్ సినిమాల వాసన ఉన్నది. ఆ పాత రివాల్వర్లు పగిలిపోకుండా ఉండేందుకు మామూలు దుకాణపు తూటాలను నేటికీ మెత్తగానే నింపుతారు. బలంగా నింపినవి గట్టి నిర్మాణమున్న ఆధునిక తుపాకుల్లో మాత్రమే కాల్చాలి. తూటా డబ్బా మీది అక్షరాలు చదివి, ఇది ఈ తుపాకికి తగునా అని ప్రతిసారీ ఆలోచించవలసిన వ్యవహారం కొత్తవాడికి వద్దన్నాను.

లివర్ రైఫిళ్లలో తూటాలు గొట్టం కింద మరో గొట్టంలో ఒకదాని వెనుక ఒకటి బారుగా ఉంటాయి, ఒకదాని ముక్కు ముందున్న తూటా ప్రైమర్‌ను (దెబ్బ తగిలితే మందును అంటించే అడుగు బిళ్లను) తాకుతూ ఉంటుంది. అందుకే వాటిలో గట్టి మొన ఉన్న గుండ్లు పెట్టకూడదు. కాల్పు కుదుపుకు ఆ మొనే సూదిలా పొడిచి లోపలే పేలవచ్చు. మొద్దు ముక్కు గుండ్లు గాలిని చీల్చుకుపోలేక వేగాన్ని త్వరగా పోగొట్టుకోవడానికి ఇదే మూలం. తూటాల కంపెనీ హోర్నడీ వారు మెత్తని రబ్బరు వంటి కొస పెట్టిన లివర్‌ఎవల్యూషన్ తూటాలు తెచ్చి ఈ ఇబ్బందిని కొంత తీర్చారు. ఇక పది తూటాలు పట్టే మ్యాగజైన్ గొప్ప గురించి అంగడివాడు చెప్పేది పట్టించుకోనక్కరలేదు, ఒహాయో జింక వేటలో తుపాకిలో మొత్తం మూడుకు మించి ఉండరాదు.

దూరం సంగతి నేను గట్టిగా పట్టుకున్నాను. వంద గజాలకు గురి సరిచేసిన .44 గుండు, నూట యాభై దగ్గర ఐదారు అంగుళాలు, రెండు వందల దగ్గర దాదాపు అడుగున్నర కిందికి దిగుతుంది. జింక ఛాతీలో ప్రాణస్థానం వెడల్పు ఎనిమిదంగుళాలు, అంటే జానెడు కూడా నిండదు. నూట పాతిక గజాల లోపల గుండు ఆ జానెడులోనే ఉంటుంది, అది దాటితే దూరాన్ని కంటితో తప్పుగా అంచనా వేసిన పాపానికి జంతువు కాలు విరిగి పొదల్లోకి పోతుంది. చెట్టుకు బిగించిన మంచె మీద కూర్చుని అడవి అంచున కాచేవాడికి ఆ దూరం ధారాళంగా సరిపోతుంది. రెండు వందల గజాల పొలాల మీదుగా కొట్టాలన్న కోరిక ఉంటే పిస్తోలు తూటాలను వదిలేసి, వించెస్టర్ వారు 2019లో తెచ్చిన .350 లెజెండ్ వంటి రైఫిల్ తూటాను చూసుకోవాలి.

అమెరికాలోని మన పిల్లలకు మరొక మాట. హెచ్1బీ, విద్యార్థి, పర్యాటక వీసాల వంటి వాటి మీద ఉన్నవారు తుపాకిని గాని తూటాలను గాని దగ్గర ఉంచుకోవడాన్ని అక్కడి ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. గ్రీన్ కార్డు వచ్చినవారికి ఈ బెడద లేదు. నేను పర్యాటక వీసా మీద వెళ్లినవాణ్ణి కనుక షూటింగ్ రేంజిలో మావాడి స్నేహితుడి రైఫిల్ ముట్టుకోకుండా, చెవులకు మూతలు పెట్టుకుని వెనుక బెంచీ మీదే కూర్చున్నాను.

చివరికి అతను .44 మాగ్నమ్‌కే మొగ్గాడు. "మామా, 300 గ్రెయిన్ల గుండు ఇంకా బలమైనది కదా, అదే కొంటా" అని మళ్లీ ఫోన్ చేస్తే, ముందు గొట్టం లోపలి మెలిక (గుండును గిర్రున తిప్పే గాడుల చుట్టు) ఎంతో చూడబ్బీ అన్నాను. అతను చూసుకున్న పాత మార్లిన్ 1894 రైఫిల్లో మెలిక 38 అంగుళాలకు ఒక చుట్టు. అంత నిదానపు మెలిక పొడవైన బరువు గుండును స్థిరంగా తిప్పలేక గురి చెదరగొట్టవచ్చు. 240 గ్రెయిన్ల సాఫ్ట్ పాయింట్ (మెత్తని సీసపు ముక్కు) గుండులోనే రెండు మూడు కంపెనీలవి ఒక్కొక్క డబ్బా తెచ్చి, వంద గజాల దగ్గర కాగితం మీద కాల్చి, ఏది దగ్గర దగ్గరగా గుంపు కడుతుందో దానికే సైట్లు సరిచేసి, వేటకు కూడా ఆ డబ్బా తూటాలనే తీసుకుపొమ్మని చెప్పాను.