కువైట్ వార్తల్లో మా అన్నయ్య లేడు

మా అన్నయ్య బెజవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజన్ పని నేర్చుకున్న మెకానిక్. 1985లో కువైట్ వెళ్లి షువైఖ్‌లో పనికి కుదిరాడు. అక్కడ గ్యారేజీలన్నీ ఆ పేటలోనే ఉంటాయట. అతని కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అక్కడి యజమాని, ఎలాంటివాడో మాకు తెలియదు. నెలనెలా డ్రాఫ్టు వచ్చేది, దాంతోనే కృష్ణలంకలో పెంకుటిల్లు తీసేసి డాబా వేసుకున్నాం. కాబట్టి మంచివాడే అనుకునేవాళ్లం.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. సాయంత్రం రేడియోలో విన్నాం. నాన్న వెంటనే పట్టించుకోలేదు. ఇరాన్, ఇరాక్ ఎనిమిదేళ్లు కొట్టుకుంటున్నా కువైట్‌లో అన్నయ్య పని ఒక్కరోజు ఆగలేదు కదా అన్నారు. మర్నాడు పొద్దున పేపర్లో మొదటి పేజీ నిండా అదే కనిపించేసరికి వదిన వంట మానేసి కూర్చుంది.

మా ఇంట్లో ఫోన్ లేదు. ఎదురింటి వాళ్లది పీపీ నంబరుగా అన్నయ్యకి ఇచ్చాం. అది మోగలేదు. ఏలూరు రోడ్డులో ఐ.ఎస్.డి. బూత్ అతను మా కోసం కువైట్ నంబరు తిప్పీ తిప్పీ విసిగిపోయి, లైన్లన్నీ పోయాయండీ, మీ డబ్బులు దండగ అన్నాడు. అంటే ఇక మిగిలింది వార్తలే. ఆ వార్తల్ని ఎలా వెంటాడామో చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

నేనప్పుడు గవర్నర్‌పేటలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసేవాణ్ణి. బెజవాడ అంటే ఆ రోజుల్లో తెలుగు పత్రికల ఊరు. ప్రెస్సుల వాళ్లందరికీ ఏదో ఒక పత్రికలో స్నేహితుడు ఉండేవాడు. నా స్నేహితుడు ఒకచోట ప్రూఫ్ రీడరు. రాత్రి పని అయ్యాక నేను వాళ్ల ఆఫీసుకి వెళ్లేవాణ్ణి. పీటీఐ, యూఎన్ఐ వార్తాసంస్థల టెలిప్రింటర్లు టకటకా కొడుతూ ఉండేవి, కాగితం చాపలా కిందికి జారేది. సబ్ ఎడిటర్లు వాడుకోగా మిగిలిన కువైట్ ముక్కల్ని మా వాడు చించి నాకిచ్చేవాడు. మూర వార్త వస్తే పేపర్లో అయిదు లైన్లు పడేది. మాకు కావలసింది తరచుగా ఆ పడని భాగంలోనే ఉండేది. అమెరికా విమానవాహక నౌకలు ఎక్కడున్నాయన్నది పేపర్లో వచ్చేది. భారతీయులు బస్రా వైపు కదులుతున్నారన్నది చెత్తబుట్టలోకి పోయేది. వాళ్లని తప్పుపట్టలేం. ఆగస్టు 7న ప్రధాని వి.పి.సింగ్ బీసీ రిజర్వేషన్ల మీద మండల్ సిఫార్సులు అమలు చేస్తామని ప్రకటించాక దేశమంతా అదే గొడవ, కువైట్ లోపలి పేజీలోకి జరిగింది.

రేడియో సంగతి వేరు. ఆకాశవాణి ఢిల్లీ తెలుగు వార్తల్లో మంత్రి ఏమన్నారో చెప్పేవాళ్లు, అంతకు మించి తక్కువ. బీబీసీలో ఎక్కువ చెప్పేవాళ్లు గానీ తెలుగు ప్రసారం లేదు. తమిళం ఉండేది, హిందీ, ఉర్దూ ఉండేవి. మా వీధిలో ఒక సాయిబుగారు రాత్రిపూట బీబీసీ ఉర్దూ వార్తలు విని, అరుగు మీదికొచ్చి నాన్నకి సారం చెప్పేవారు. నేను ఇంగ్లిష్ వార్తలు వినేవాణ్ణి. ఇద్దరికీ ఒకే మాట వినిపిస్తే నిజమనుకోవడం, ఒకరికే వినిపిస్తే మర్నాటి దాకా వదినకు చెప్పకుండా ఉండటం మేం పెట్టుకున్న పద్ధతి. సాయిబుగారు ఇరాక్ అధ్యక్షుడు సద్దాం వైపు మనిషే, దాచుకోలేదు కూడా. అయినా అన్నయ్య సంగతి వచ్చేసరికి ఒక్క మాట పెంచి చెప్పలేదు, తుంచి చెప్పలేదు.

అప్పటి విదేశాంగ మంత్రి ఐ.కె.గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లి సద్దాంని కౌగిలించుకున్న ఫొటో పేపర్లలో వచ్చింది. దాని మీద ఎన్ని విమర్శలో! టీ కొట్ల దగ్గర కూడా, ఆక్రమించినవాణ్ణి కౌగిలించుకుంటాడా అని. అక్కడ మనిషి ఉన్న ఇళ్లలో మాత్రం ఆ ఫొటోని తిట్టినవాళ్లని నేను చూడలేదు. కువైట్‌లో మనవాళ్లు లక్షన్నరకు పైగా ఉన్నారు. దారులన్నీ ఇరాక్ చేతిలో ఉన్నాయి. అడక్కుండా ఎలా వదులుతాడు?

ఇంట్లో స్కూలు అట్లాసు ఒకటుండేది. అందులో కువైట్ వేలిగోరంత కూడా లేదు. నాన్న దాని పక్కన పెన్సిల్‌తో గీత గీశారు. కువైట్ నుంచి బస్రా, అక్కడి నుంచి బాగ్దాద్, బాగ్దాద్ నుంచి ఎడారి దాటి జోర్డాన్ సరిహద్దు, అక్కడి నుంచి అమ్మాన్. వెయ్యి కిలోమీటర్లు దాటిన దారి, ఆగస్టు ఎండలో. అమ్మాన్ చేరితే ఎయిరిండియా విమానం బొంబాయి తెస్తుంది. ఆ గీత గీశాక మాకు వార్తలు చదవడం తేలికైంది. గీత మీద లేని ఊరి సంగతి ఎంత పెద్ద అక్షరాల్లో ఉన్నా వదిలేసేవాళ్లం. ఆగస్టు చివర్లో జనం తాకిడి తట్టుకోలేక జోర్డాన్ సరిహద్దు మూసేసిందని వచ్చిన రోజు మాత్రం ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. తర్వాత మళ్లీ తెరిచారు. తెరిచిన వార్త మూసిన వార్తంత పెద్దగా వెయ్యలేదు, అది నాకు టెలిప్రింటర్ ముక్కలోనే దొరికింది.

రోజూ అంకెలు వచ్చేవి. ఇవాళ ఇన్ని విమానాలు, ఇంతమంది దిగారు. పేర్లు రావు. బందరు కలెక్టరేట్‌లో కువైట్‌లో ఉన్నవాళ్ల వివరాలు తీసుకుంటున్నారని విని నాన్న, నేను వెళ్లాం. మే నెల తుపాను నష్టం కాగితాలతో అక్కడి బల్లలన్నీ నిండి ఉన్నాయి. గుమాస్తా పేరు, పాస్‌పోర్టు నంబరు రాసుకుని, మీరు మొదటివాళ్లేం కాదండీ అన్నాడు. ఆ మాట మాకు ధైర్యంగానే తోచింది.

మొదటి కబురు వార్తల్లోంచి రాలేదు. సెప్టెంబరు మొదట్లో ఒక కవరు వచ్చింది, దాని మీద బొంబాయి ముద్ర. రాత అన్నయ్యది. ముందు బయలుదేరిన కోనసీమ మనిషి ఒకాయన చేతికిస్తే ఆయన బొంబాయిలో దిగి పోస్టు చేశాడు. అలా తోటివాళ్ల ఉత్తరాలు సంచి నిండా మోసుకొచ్చినవాళ్లు చాలామందేనని తర్వాత తెలిసింది. ఉత్తరంలో యుద్ధం గురించి ఏమీ లేదు. కఫీల్ సౌదీకి పారిపోయాడు. గ్యారేజీలో ఉన్న పాలస్తీనా ఫోర్‌మన్ బీరువా తాళం పగలగొట్టి ఎవరి పాస్‌పోర్టు వాళ్లకిచ్చేశాడు. జులై జీతం రావాలి. బియ్యం ఉన్నాయి. ఇండియన్ స్కూల్లో పేర్లు రాసుకుంటున్నారు, టొయోటా సన్నీ వాళ్లంతా చూస్తున్నారు. టొయోటా సన్నీ అంటే కువైట్‌లో టొయోటా కంపెనీలో పెద్ద ఉద్యోగం చేసిన మాథ్యూస్ అనే మలయాళీ. ఆయనా, వేదీ అనే మరో పెద్దమనిషీ కలిసి అక్కడి మనవాళ్ల తరలింపు కమిటీ నడిపారు. మా అన్నయ్య మెకానిక్ కదా, ఆయన పేరు టొయోటాతోనే గుర్తు.

వదిన ఆ ఉత్తరంలో ఒకే ముక్క పట్టుకుంది. జులై జీతం కోసం ఆగాడా ఈయన?

ఆగాడు. పారిపోయిన మనిషి తిరిగొస్తాడేమోనని కొన్ని రోజులు చూశాడట. సెప్టెంబరు నడిమికి బొంబాయి నుంచి టెలిగ్రాం, ఆ వెనకే సికింద్రాబాద్ మీదుగా రైల్లో మనిషీ వచ్చారు. సరిహద్దు దగ్గర ఇటు ఇరాక్ కాదు, అటు జోర్డాన్ కాదు అన్న నేల మీద గుడారాల్లో పడిగాపులు పడ్డానని చెప్పాడు. నీళ్ల ట్యాంకరు వస్తే తొక్కిసలాటే. బాగ్దాద్‌లో బస్సు ఆగినచోట ఒక ముసలాయన రొట్టెలు పంచాడని, డబ్బిస్తే తీసుకోలేదని చెప్పాడు. జేబులో కువైట్ దీనార్లున్నాయి, మార్చేవాడు లేడు. ఇక్కడికి రాగానే అమ్మ ఆ చెమట సంచీని బయట పారేయబోతే వదిన లాక్కుని, అందులో కాగితాలన్నీ ఏరి బీరువాలో చీరల కింద పెట్టింది. పాస్‌పోర్టు, బోర్డింగ్ పాస్, అక్కడి గుర్తింపు కార్డు, అన్నయ్య దాన్ని బతాకా అంటాడు. ఎందుకే అంటే, ఏమో, ఉండనీండి అంది.

ఎయిరిండియా ఆ రెండు నెలల్లో 488 విమానాలు నడిపి లక్ష మందికి పైగా తెచ్చింది. అక్టోబరుకల్లా ఊళ్లో ఈ సంగతి పాతబడింది. పెట్రోలు ధర 25 శాతం పెరిగినప్పుడు మాత్రం మళ్లీ కువైట్ పేరెత్తారు.

1991 జనవరి 17న, సంక్రాంతి వెళ్లీ వెళ్లగానే, అమెరికా బాంబులు మొదలెట్టింది. ఈసారి ఊరంతా యుద్ధం చూసింది. బొంబాయి, ఢిల్లీ హోటళ్లలో సీఎన్ఎన్ వాళ్లు బాగ్దాద్ నుంచి చెబుతుంటే జనం గుంపులుగా చూస్తున్నారని పేపర్లో రాశారు. బీసెంట్ రోడ్డులో ఇరాక్ స్కడ్ క్షిపణులు ఎన్ని పడ్డాయి, వాటిని అమెరికా పేట్రియట్లు ఎన్ని కూల్చాయని క్రికెట్ స్కోరులా అడుక్కునేవాళ్లు. అన్నయ్య ఇరాక్ నుంచి వచ్చాడని తెలిసి, ఎవరు గెలుస్తారన్నా అని అడిగేవాళ్లు. ఆయన షువైఖ్ గ్యారేజీ ఉందో పోయిందో ఎక్కడైనా రాశారా అని నన్నడిగేవాడు. ఫిబ్రవరి 28కి పోరు ఆగింది, ఊరు పేపరు మడిచేసింది.

మాకు ఇంకో అయిదారేళ్లు నడిచింది. ఇరాక్ వల్ల నష్టపోయినవాళ్లకి పరిహారం ఇప్పించడానికి ఐక్యరాజ్యసమితి 1991లోనే జెనీవాలో ఒక కమిషన్ పెట్టింది. మన దేశంలో అర్జీలు ఢిల్లీలో విదేశాంగ శాఖ వాళ్ల కువైట్ విభాగం చూసేది. ఫారం తెచ్చుకుని మా ప్రెస్సులో బల్ల మీద పరిచి కూర్చున్నాం. అసలు చిక్కు అక్కడే వచ్చింది. కువైట్ వదిలి రావలసి వచ్చిందన్నదానికి ఒంటరి మనిషికి 2,500 డాలర్లు. అది తీసుకుని, జీతం, సామాను పోయినందుకు వేరే అర్జీ కూడా పెట్టుకోవచ్చు. ఇక వేరే ఏ అర్జీ పెట్టనని ఒప్పుకుంటే 4,000. కుటుంబమైతే ఇవి 5,000, 8,000. అన్నయ్యకి జులై జీతం మీదే మనసు. జీతం కాగితం మాత్రం ఒక్కటీ లేదు, గ్యారేజీలోనే ఉండిపోయాయి. రెండు మూడు రాత్రులు వాదించుకున్నాక నాన్న, రుజువున్న దాని మీద సంతకం పెట్టు అన్నారు. 4,000 గడిలో టిక్కు పెట్టాం. బీరువాలోంచి వదిన కాగితాలు తీసి బల్ల మీద పెట్టినప్పుడు ఎవరమూ మాట్లాడలేదు. ఆమె మాత్రం, ఇప్పుడు అడగండి ఎందుకే అని, అంది.

పంపాక ఏళ్లు గడిచాయి. ఆ పరిహారం ఇరాక్ అమ్మే చమురు డబ్బులోంచి, నూటికి 30 చొప్పున తీసి ఇవ్వాలి. ఆంక్షల వల్ల ఇరాక్ చమురు అమ్మట్లేదు. దాంతో నాకు మళ్లీ పాత అలవాటు. పేపరు తియ్యగానే ఇరాక్ చమురు అనే మాట కోసం వెతుక్కోవడం. 1995లో భద్రతా మండలి ఆహారానికి చమురు అన్న తీర్మానం చేసింది, 1996 డిసెంబరులో గానీ అమ్మకం మొదలవలేదు. బెజవాడలో ఆ ముక్కని పట్టి పట్టి చదివినవాళ్లు మాలాంటి ఇళ్లవాళ్లే అయుంటారు. డబ్బు రెండు విడతలుగా వచ్చింది. అన్నయ్య మళ్లీ కువైట్ వెళ్లలేదు. ఆటోనగర్‌లో షెడ్డు వేసుకుని డీజిల్ పంపులు సర్వీసు చేస్తున్నాడు. ఈ డబ్బుకి ఇంకొంత చేర్చి టెస్ట్ బెంచి కొన్నాడు. బెంచికి కొబ్బరికాయ కొట్టిన రోజు నాతో అన్నాడు, ఇది ఆ రొట్టెల ముసలాయన నూనె డబ్బురా అని. సంతోషంగా అన్నాడో కష్టంగా అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

2022 ఫిబ్రవరి 22న భద్రతా మండలి ఆ కమిషన్‌ని మూసేసింది. ఇరాక్ మొత్తం 5,240 కోట్ల డాలర్లు కట్టిందని పేపర్లో చిన్న వార్త. రెండు రోజులకి రష్యా ఉక్రెయిన్ మీద పడింది. మా వీధి చివర ఒకళ్ల అమ్మాయి అక్కడ మెడిసిన్ చదువుతోంది. వాళ్ల నాన్న పగలూ రాత్రీ మూడు చానళ్లు మార్చి మార్చి చూస్తూ వణికిపోతుంటే అన్నయ్య వెళ్లి టీవీ కట్టేయించాడు. పిల్ల ఏ సరిహద్దు వైపు వెళ్తోందో కనుక్కుని అదొక్కటే చూడమన్నాడు. బస్సు టికెట్టు ముక్క కూడా పారేయొద్దని పిల్లకి మెసేజ్ పెట్టించాడు. ఆ అమ్మాయి రుమేనియా మీదుగా వచ్చేసింది.

ఆ సందట్లో నేను కమిషన్ మూసేసిన వార్త చదివి వినిపించాను. సొంత వ్యాపారాలు పోయిన కువైటీలకి కూడా అందులోంచే ఇచ్చారని ఉంది. అన్నయ్య కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "మా కఫీల్‌కి ఎంత వచ్చుంటుందంటావురా? అందులో నా జులై జీతం కూడా రాసుకునే ఉంటాడు" అన్నాడు.